ముట్టుకుంటే నేరమైన చోట ప్రేమ: నళినీ సింగ్ సై-చేంజ్‌లింగ్ నవలలు

మనిషి పులిగా, తోడేలుగా, ఎలుగుబంటిగా మారే ప్రేమకథలు ఇంగ్లిష్‌లో కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. చాలావాటిని ఒకసారి చదివి వదిలేస్తాం. నేను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీస్తున్నది ఒక్క సిరీసే, నళినీ సింగ్ రాసిన సై-చేంజ్‌లింగ్. ఆమె ఫిజీలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన రచయిత్రి. మొదటి నవల ‘స్లేవ్ టు సెన్సేషన్’ 2006లో వచ్చింది. ఆ పేరు, ఆ తరహా కవర్లు చూసి పక్కన పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

కథాకాలం 2079, చోటు శాన్ ఫ్రాన్సిస్కో. ఆ లోకంలో మామూలు మనుషులున్నారు, రూపం మార్చుకునే చేంజ్‌లింగ్‌లున్నారు, మనసుతోనే పనులు చక్కబెట్టే సైలు ఉన్నారు. సైలలో పిచ్చి, హింస పెరిగిపోయాయని వాళ్ల కౌన్సిల్ 1979లో ‘సైలెన్స్’ అనే పద్ధతి తెచ్చింది. చిన్నప్పటి నుంచే శిక్షణ ఇచ్చి పిల్లల్లో కోపం, భయం, ప్రేమ ఏవీ మిగలకుండా చేస్తారు. హీరోయిన్ సాషా డంకన్ కౌన్సిల్ సభ్యురాలి కూతురు. అత్యంత శక్తిమంతులకే ఉండే కళ్లు ఆమెవి, నల్లటి కంట్లో తెల్లటి చుక్కలు. కానీ చెప్పుకోదగ్గ శక్తి ఏదీ బయటపడలేదు. పైగా ఆమెకు అన్నీ అనిపిస్తాయి: దుఃఖం, ఆకలి, ఇష్టం. అది ఎవరికైనా తెలిస్తే చికిత్స పేరుతో మెదడు తుడిచేస్తారు. అలాంటి మనిషి ఒక ఇళ్ల ప్రాజెక్టు పని మీద డార్క్‌రివర్ అనే చిరుతల గుంపు నాయకుడు లూకస్ హంటర్‌తో రోజూ కూర్చోవాల్సి వస్తుంది. అతనికి కావాల్సింది ఆ ప్రాజెక్టు ఒక్కటే కాదు. చేంజ్‌లింగ్ ఆడవాళ్లను చంపుతున్న హంతకుడు ఒక సై అని అతని అనుమానం. సాషా ద్వారా సైల కోటలోకి దారి వెతుకుతున్నాడు.

ఈ నవలల మాట ఎత్తగానే చదవనివాళ్లు ముందు అడిగేది శృంగారం గురించే. ఉంది, బాగానే ఉంది, దాపరికం లేకుండా ఉంది. ఈ తరహా పుస్తకాల్లో చాలావాటికి పడకగది పేజీలు తిప్పేసినా కథ చెక్కుచెదరదు. ఇక్కడ అలా కుదరదు. చిరుతల గుంపుకి స్పర్శ లేకపోతే బతుకే లేదు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతారు. దెబ్బ తిన్నవాడి చుట్టూ గుంపంతా చేరి కూర్చుంటుంది. ఎవరు ఎవరిని ఎంతవరకు ముట్టుకోవచ్చో వాళ్లకు కట్టుబాటు ఉంది, దాన్ని ‘స్కిన్ ప్రివిలేజెస్’ అంటారు. సాషాకేమో ఒక్క స్పర్శకి చలించినా అది తనను చంపగల సాక్ష్యం. అందుకే ఆమె చేయి చాపిన ప్రతిసారీ నాకు టెన్షన్ వస్తుంది. మెలకువలో ఒప్పుకోలేనిది కలలో ఒప్పుకుంటుంది. ఆ కల తన ఒక్కదానిదే కాదని తర్వాత తెలుస్తుంది. ఆ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు అంతే ఇష్టం.

అయితే నా మనసులో ఎక్కువగా నిలిచింది ప్రేమ సన్నివేశం కాదు. వైద్యురాలు టామ్సిన్ ఇంట్లో ఒక చిరుత పిల్ల వచ్చి సాషా బూటు కొరుకుతూ ఉంటుంది. ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఎవరూ ఎత్తుకుని ముద్దు చేయకుండా పెరిగిన ఆడమనిషి ముందు ఒక పసిది తోక ఊపుతుంటే, ఆ ఇంటిని ఆమె ఎందుకు వదులుకోలేదో ఇక వివరించక్కర్లేదు. రచయిత్రి కూడా వివరించదు.

మన కథల్లో రూపం మార్చడమంటే ఎక్కువగా మోసమో శాపమో. శూర్పణఖ అందగత్తెగా వస్తుంది, మారీచుడు బంగారు లేడిగా వస్తాడు. ఇక్కడ చిరుతలు ఎవరినీ మోసం చేయడానికి మారరు, మారినందుకు కుమిలిపోరు. రెండు రూపాలూ పుట్టుకతో వచ్చినవే. దాచుకుని బతికేది సాషాయే, ఎప్పుడూ ఒకే రూపంలో ఉండే మనిషి. నన్ను ఈ సిరీస్‌కి కట్టేసింది ఆ తలకిందుల అమరికే.

ఇక నచ్చనివి. లూకస్ మొదటి సగంలో సాషాని కావాలనే కవ్విస్తాడు, ఆమె ఏమంటుందో చూడటానికి ముట్టుకుంటాడు. గుంపులో ఎవరి హద్దు వారికి ఉన్నప్పుడు ఆమె హద్దుని ఎందుకు పట్టించుకోడు? అతని అనుమానం, అవసరం కొంత కారణం అనుకున్నా, చదివేకొద్దీ నాకు ఆ పేజీలు మరింత ఇబ్బందిగా ఉంటున్నాయి. ‘నువ్వు నాదానివి’ అనే ధోరణి తర్వాతి పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. దీనికి మంచి జవాబు అయిదారు పుస్తకాల తర్వాత ‘బ్రాండెడ్ బై ఫైర్’లో దొరుకుతుంది. మెర్సీ అనే చిరుత తన గుంపు రక్షణ చూసే యోధురాలు, రైలీ అనే తోడేలుకి ఎందులోనూ తీసిపోదు. ఆమె బెంగ అతను ఇష్టపడతాడా అని కాదు, అతన్ని కట్టుకుంటే తన గుంపు ఏమవుతుందని.

మూడోది ‘కెరెస్డ్ బై ఐస్’ నా లెక్కలో మొదటిదాని కంటే ఒక మెట్టు పైన. హంతకుడి చేతి నుంచి బతికి బయటపడ్డ బ్రెన్నా కథ అది. ఆమె ఇష్టపడ్డ జడ్ లారెన్‌కి ఏదైనా అనిపిస్తే చాలు, సైలెన్స్ శిక్షణ అతన్ని నొప్పితో శిక్షిస్తుంది. ఇద్దరికీ స్పర్శ గాయమే. ప్రేమ చాలా ఆలస్యంగా, జాగ్రత్తగా దగ్గరికి వస్తుంది. ఆ ఓపికలో ఉన్న వేడి మిగతావాటిలో నాకు దొరకలేదు.

పాఠకుల మధ్య అసలు గొడవ తెచ్చింది 2012 నాటి ‘టాంగిల్ ఆఫ్ నీడ్’. ఈ లోకంలో తోడు అంటే విధి కట్టిన ముడి, తెగదు. రియాజ్ అనే తోడేలుకి ఆ తోడు కనబడేసరికే ఆమె పెళ్లయి ఇంకొకరితో సంతోషంగా ఉంది. తర్వాత అతను ఏడ్రియాని ప్రేమిస్తాడు. సిరీస్ నియమాన్నే తెంపేసిందని బాధపడ్డవాళ్లు ఉన్నారు, నా స్నేహితురాలు అక్కడే ఆపేసింది. ‘రాసిపెట్టి ఉన్న మనిషి కాకపోతే అది రెండో రకం ప్రేమే కదా’ అని ఆమె వాదన. నేను ఒప్పుకోను. విధి చేతికి అందించిన తోడుని పట్టుకోవడంలో గొప్పేముంది? ఏ ముడీ లేకుండా, రేపు ఏమవుతుందో తెలియకుండా ఒకరి పక్కన నిలబడటమే కష్టం. ఆ కష్టాన్ని రాసిన పుస్తకం అదొక్కటే. కథనం మాత్రం చెల్లాచెదురుగా ఉంది. పక్క పాత్రలు, రాజకీయాలు ఏడ్రియా చోటు లాగేసుకున్నాయి, ఆ కోపం నాకూ ఉంది.

సిరీస్ రెండో విడత 2017లో ‘సిల్వర్ సైలెన్స్’తో మాస్కోలో మొదలైంది. హీరో వాలెంటిన్ ఎలుగుబంటి, హీరోయిన్ సిల్వర్ అనే సైని కలవడానికి భవనం బయటి గోడ ఎక్కి వస్తాడు. ఆ ఎలుగుల అల్లరి చదువుతుంటే హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లు నేరుగా అక్కడ మొదలుపెట్టినా దారి తప్పరు. నా మాట వింటే మాత్రం వరసలోనే చదవండి, ఎందుకంటే సైలెన్స్ ఎలా బీటలువారిందో తెలిస్తేనే సిల్వర్ బాధ బరువు తెలుస్తుంది. మొదటి పుస్తకంలో తొలి యాభై పేజీలు కొత్త పేర్లు, పదాలు మీద పడతాయి. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అవసరమైనప్పుడు అవే మళ్లీ వస్తాయి.

ఇది పెద్దవాళ్లకే. ఆడవాళ్ల మీద హింస ఉంది, ముఖ్యంగా మొదటి మూడు పుస్తకాల్లో. ఆ నేరాల వివరాలు తట్టుకోలేనివాళ్లు ‘బ్రాండెడ్ బై ఫైర్’ చేతిలోకి తీసుకోండి, అది నచ్చితే అప్పుడు వెనక్కి వెళ్లొచ్చు.