కోడ్‌స్పేసెస్ డిఫాల్ట్ సెట్టింగ్స్: చాలాకాలం వాడాక ఏం మార్చాను, ఏం వదిలేశాను

2022 చివర్లో గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్‌లో (ఇంటర్నెట్‌లోని మెషీన్ మీద కోడ్ రాసుకునే సేవ) వ్యక్తిగత ఖాతాలకూ ఉచిత కోటా వచ్చినప్పటి నుంచి నా సొంత ప్రాజెక్టులు అక్కడే నడుస్తున్నాయి. మొదట్లో సెట్టింగ్స్ పేజీ తెరిచి కూడా చూడలేదు. కోటా సగం నెలకే అయిపోయాక అటు వెళ్లాను.

తప్పు నాదే. నెలకు 120 కోర్-గంటలు ఉచితం అంటే 120 గంటలే అనుకున్నాను. రెండు కోర్ల (ప్రాసెసర్ భాగాల) మెషీన్ గంట నడిస్తే రెండు కోర్-గంటలు ఖర్చవుతాయి. అంటే చిన్న మెషీన్‌కు 60 గంటలు, నాలుగు కోర్లకు 30, ఎనిమిది కోర్లకు 15. నేనేమో గొప్పకు పోయి ప్రతిసారీ ఎనిమిది కోర్లు తీసుకునేవాణ్ణి, చేసేది ఓ మామూలు వెబ్ యాప్!

ఇప్పుడు అన్నిటికీ రెండు కోర్లు, 8 జీబీ ర్యామ్, 32 జీబీ డిస్క్. బిల్డ్ బరువుగా ఉన్న ఒక్క ప్రాజెక్టుకు మాత్రం మెషీన్ ఎలా తయారవ్వాలో చెప్పే డెవ్‌కంటైనర్ డాట్ జేసన్ ఫైల్లో హోస్ట్ రిక్వైర్‌మెంట్స్ కింద కనీసం నాలుగు కోర్లు కావాలని రాశాను. ఇక అంతకంటే చిన్న మెషీన్ పొరపాటున కూడా ఎంచుకోలేం. మధ్యలో సైజు మార్చుకోవచ్చు, కానీ ఆపి మళ్లీ మొదలుపెట్టాకే మార్పు కనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఐడిల్ టైమౌట్, అంటే ఎంతసేపు ఖాళీగా ఉంటే మెషీన్ ఆగాలనేది. డిఫాల్ట్ 30 నిమిషాలు. 5 నుంచి 240 దాకా మార్చుకోవచ్చు. నేను 15 పెట్టుకున్నాను. టీకి లేచి వెళ్లి కబుర్లలో పడితే మెషీన్ దానంతటదే ఆగుతుంది, వచ్చాక కాసేపట్లో లేస్తుంది. ఇంత తేలికైతే ఇంకేం, అని ధీమాగా ఉన్న రోజుల్లోనే దెబ్బ తిన్నాను. మనం కీబోర్డు ముట్టుకోకపోయినా టెర్మినల్లో ఏదో ఒకటి అచ్చవుతుంటే దాన్ని ఖాళీగా ఉన్నట్టు లెక్కించదు. ఒక రాత్రి నాలుగు కోర్ల మెషీన్‌లో లాగ్‌లు కక్కే సర్వర్ని వదిలేసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి పది గంటలు, అంటే 40 కోర్-గంటలు, నెల కోటాలో మూడోవంతు. దీనికి సరిగ్గా ఎదురు అనుభవం కూడా ఉంది: ఏమీ అచ్చు వేయకుండా నిశ్శబ్దంగా నడిచే డేటా స్క్రిప్ట్ మధ్యలోనే ఆగిపోయింది. అప్పటి నుంచి పొడవాటి స్క్రిప్టులన్నిటిలో నిమిషానికో చుక్క అచ్చు వేయిస్తున్నాను. నాటు వైద్యమే, పనిచేస్తోంది.

ఆపేసిన మెషీన్‌కు కోర్-గంటలు పడవు గానీ స్టోరేజీ లెక్క నడుస్తూనే ఉంటుంది. ఉచితంగా వచ్చేది నెలకు 15 జీబీ. అందుకే ఆటోమేటిక్‌గా డిలీట్ అయ్యే గడువును 30 రోజుల నుంచి ఏడుకు తగ్గించాను. ఇది టెన్షన్ పెట్టే సెట్టింగే, ఎందుకంటే పుష్ చేయని (గిట్‌హబ్‌లోకి పంపని) కోడ్ కూడా దాంతోపాటే పోతుంది. సాయంత్రం లేచేముందు, సగం పనైనా సరే, ఒక బ్రాంచ్‌లోకి పుష్ చేయడం అలవాటైంది. వదులుకోలేని ఒకదానికి మాత్రం 'కీప్ కోడ్‌స్పేస్' ఆన్ చేసి ఉంచాను.

మొదట్లో టెర్మినల్లో చేత్తో ఇన్‌స్టాల్ చేసుకున్న టూల్స్ కంటైనర్ని (ప్రాజెక్టు నడిచే వాతావరణాన్ని) రీబిల్డ్ చేయగానే మాయమయ్యేవి. వర్క్‌స్పేసెస్ ఫోల్డర్లో ఉన్నవి మిగులుతాయి, దాని బయట పెట్టినవి పోతాయి. అవన్నీ కంటైనర్ తయారవగానే నడిచే పోస్ట్‌క్రియేట్ కమాండ్‌లోకి చేర్చాక ఆ గొడవ తీరింది. షెల్ అలియాస్‌లు, గిట్ సెట్టింగ్స్ లాంటి సొంత అలవాట్లకు డాట్‌ఫైల్స్ రిపాజిటరీని ఖాతాకు కలిపేశాను.

చిన్నవి రెండు. మెషీన్ గడియారం యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది; తేదీల మీద రాసిన నా టెస్టులు రాత్రిపూట మాత్రమే ఫెయిలవుతుంటే కారణం పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. కంటైనర్ ఎన్విరాన్‌మెంట్‌లో టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ అనే వేరియబుల్ పెడితే సరిపోయింది. రెండోది, బ్రౌజర్లో ఎడిటర్ వాడుతూ ఫైల్ మూసేద్దామని కంట్రోల్-డబ్ల్యూ నొక్కితే ట్యాబే మూసుకుపోతుంది. వేళ్లు మాట వినవు కాబట్టి డిఫాల్ట్ ఎడిటర్‌ని డెస్క్‌టాప్ వీఎస్ కోడ్‌కి మార్చాను.

ప్రీబిల్డ్ (మెషీన్‌ను ముందే సిద్ధం చేసి ఉంచడం) జోలికి మాత్రం ఇంతవరకూ పోలేదు. పెద్ద టీములకు బాగుంటుందేమో. ఒక్కణ్ణే వాడుకునేచోట, వారానికోసారి మొదలుపెట్టే మెషీన్ రెండు నిమిషాలు తొందరగా లేవడం కోసం స్టోరేజీ ఖర్చు పెట్టడం నాకు గిట్టుబాటు కాదు.