లెక్కల పిచ్చి ఉన్న ఏడేళ్ల పిల్లకి బీస్ట్ అకాడమీ కొనొచ్చా?

బీస్ట్ అకాడమీ అంటే చిన్నపిల్లల కోసం కామిక్‌లతో రాసిన అమెరికా లెక్కల పుస్తకాలు. ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కానీ అన్నీ ఒకేసారి కొనొద్దు. మీ పిల్లలకి లెక్కలంటే భయమో విసుగో ఉంటే అది పోగొట్టడానికని కూడా కొనొద్దు, ఇవి అందుకు రాసిన పుస్తకాలు కావు. ఇచ్చిన లెక్కలన్నీ ఇట్టే చేసి పడేసి "ఇంకోటి ఇవ్వు, ఇంకోటి ఇవ్వు" అని మన ప్రాణం తీసే పిల్లలు ఉంటారు చూశారూ, వాళ్ల కోసం రాసినవి. మా పాప ఆ రకం. రెండో క్లాసు. స్కూల్లో ఇంకా రెండంకెల కూడికల దగ్గరే ఉన్నారు, ఇదేమో స్కూటీ మీద నా వెనక కూర్చుని ముందెళ్లే బండ్ల నంబర్లలో మూడుతో భాగిస్తే శేషం రానివి ఏవో చెబుతూ ఉంటుంది. అంకెలు కూడితే తెలిసిపోతుందని ఎవరు చెప్పారో నాకు తెలీదు, నేనైతే చెప్పలేదు.

ఇలాంటి పిల్ల ఉందని ఎక్కడైనా నోరు జారితే చాలు, మన దగ్గర మూడు సలహాలు రెడీగా ఉంటాయి. అబాకస్‌లో చేర్చండి, వేదిక్ మ్యాథ్స్ నేర్పించండి, ఇప్పట్నించే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు తెచ్చిపెట్టండి. ఈ మూడోది చెప్పినవాళ్లలో ఒక పెద్ద పుస్తకాల షాపాయన కూడా ఉన్నాడు, "టాలెంటెడ్ పాపైతే ఆరో క్లాసుది తీసుకెళ్లండి మేడమ్, చాలామంది తీసుకెళ్తున్నారు" అని చేతిలో పెట్టబోయాడు. నేను తిరగేసి చూశాను. పైన ఒక మోడల్ లెక్క, దాని కింద అంకెలు మార్చి అలాంటివే ఇరవై, చివర్లో మల్టిపుల్ ఛాయిస్. ఏడేళ్ల పిల్ల ఆరో క్లాసు లెక్క చేసిందంటే చుట్టాల్లో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ ఇరవైలో మొదటిది వచ్చాక మిగతా పంతొమ్మిదిలో ఆ పిల్ల బుర్రకి పనేముంది? అబాకస్ కూడా అంతే, వేగం వస్తుంది, మా పాపకి వేగం తక్కువైందని ఎవరూ అనలేదు. నాకు కావాల్సింది పై క్లాసు లెక్క కాదు. తన క్లాసు లెక్కే, కూడికలూ తీసివేతలే, కానీ చూడగానే దారి కనపడకూడదు. కాసేపు పెన్సిల్ కొరుక్కోవాలి, తప్పు చేయాలి, కొట్టేసి మళ్లీ మొదలెట్టాలి.

బీస్ట్ అకాడమీ సరిగ్గా అదే ఇస్తుంది. అమెరికాలో శాన్‌డియాగోలో ఉన్న ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ల పుస్తకాలు ఇవి. వాళ్లు మొదట్లో లెక్కల ఒలింపియాడ్ లాంటి పోటీలకి వెళ్లే పెద్ద పిల్లల కోసం రాసేవాళ్లు, చిన్నపిల్లల కోసం ఈ సిరీస్ 2012లో మొదలైంది. ఇప్పుడు లెవెల్ 1 నుంచి 5 దాకా ఉన్నాయి, ఒక్కో లెవెల్‌కి నాలుగు భాగాలు, ఒక్కో భాగానికి రెండు పుస్తకాలు, అంటే లెవెల్‌కి ఎనిమిది. గైడ్ అనేది రంగుల కామిక్. గ్రాగ్, లిజ్జీ, అలెక్స్, విన్నీ అని నాలుగు బుల్లి రాక్షసులు ఒక బడిలో చదువుకుంటూ ఉంటాయి, పాఠం అంతా వాటి మాటల్లోనే నడుస్తుంది. ప్రాక్టీస్ బుక్ నలుపు తెలుపులో ఉంటుంది, లెక్కలన్నీ అందులో. కష్టమైన వాటి పక్కన నక్షత్రం గుర్తు వేస్తారు. చివర్లో జవాబులు ఇచ్చేటప్పుడు ఉత్త అంకె ఇచ్చి ఊరుకోకుండా ఎలా వచ్చిందో విడమరిచి రాస్తారు. ఇది తల్లిదండ్రులకి ఎంత ఉపకారమో నక్షత్రం లెక్కల దగ్గర అర్థమవుతుంది, ఇంజినీరింగ్ చదివిన మా ఆయనే రెండో లెవెల్ నక్షత్రం లెక్క ఒకటి కాగితం మీద వేసుకుని "ఇది రెండో క్లాసుదా?" అని లోపలికి వచ్చి అడిగాడు.

లెక్క ఎలా ఉంటుందో ఒక రుచి చూపిస్తా, పుస్తకంలోది కాదు, ఆ ధోరణిలో నేను అల్లింది. రెండు బేసి సంఖ్యలు, ఒక సరి సంఖ్య, మూడూ కలిపితే 25 రావాలి, ఎన్ని రకాలుగా రాయొచ్చు? పిల్లలు వెంటనే మొదలెడతారు, 3, 5, 16... అది 24 అయింది. 7, 9, 8... మళ్లీ 24. కాసేపయ్యాక అసలు రావట్లేదేంటని అనుమానం వస్తుంది. ఆ తర్వాత రెండు బేసిలు కలిస్తే ఎప్పుడూ సరే వస్తుంది కదా, దానికి ఇంకో సరి కలిపితే 25 ఎలా వస్తుంది అని పట్టుకుంటారు. మీరు గమనించారో లేదో, ఇందులో ఒకటో క్లాసు కూడిక తప్ప ఇంకేం లేదు. కానీ ఇక రాదు అని తేల్చి చెప్పడం, ఎందుకు రాదో కూడా చెప్పడం, అది అసలైన లెక్కలు చదివేవాళ్లు చేసే పని. రెండో లెవెల్ మూడో భాగంలో సరి బేసిల మీద ఒక అధ్యాయమే ఉంది, మా పాప మిగతావి వదిలేసి ముందు దాని మీద పడింది.

ఇంకొక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 35 వర్గం ఎంత అంటే మన వేదిక్ మ్యాథ్స్ క్లాసుల్లో ఒక కిటుకు చెబుతారు: 3ని దాని తర్వాతి అంకె 4తో గుణించు, 12, పక్కన 25 పెట్టు, 1225. పిల్లలు గడగడా చెప్పేస్తారు, చుట్టాలు చప్పట్లు కొడతారు. ఎందుకలా అని అడిగితే పిల్లలకీ తెలీదు, చెప్పిన టీచరుకీ తెలీదు. బీస్ట్ అకాడమీ మూడో లెవెల్‌లో వర్గాల అధ్యాయంలో ఇదే విషయం బొమ్మతో వస్తుంది. 35 గళ్ల నిలువు, 35 గళ్ల అడ్డం ఉన్న చదరం గీయండి. కుడివైపు 5 గళ్ల వెడల్పు పట్టీలోంచి 30 గళ్ల పొడవు ముక్క కత్తిరించి, పక్కకి తిప్పి, ఎడమవైపు మిగిలిన భాగం కింద అతికించండి. 30 అడ్డం, 40 నిలువు ఉన్న దీర్ఘచతురస్రం అయింది, అంటే 1200. మూల మీద 5 గళ్లు ఇంటూ 5 గళ్ల ముక్క మిగిలిపోయింది, అదే ఆ 25. అంతే. నేను టెన్త్‌లో లెక్కల్లో వందకి వంద తెచ్చుకున్నదాన్ని, ఈ బొమ్మ నాకెవరూ చూపించలేదు.

ఇక లోపాలు. ధర మొదటిది. ఇక్కడ ఆన్‌లైన్‌లో దిగుమతి చేసి అమ్మేవాళ్ల దగ్గర ఒక్క లెవెల్ మొత్తం కొంటే చేతి చమురు బాగానే వదులుతుంది. మేము లెవెల్ 2 మా తమ్ముడితో డల్లాస్ నుంచి తెప్పించుకున్నాం, వాడు "అక్కా, పచ్చళ్లు మోసుకెళ్లే సూట్‌కేసులో రాక్షసుల్ని మోసుకొచ్చా" అని సాధించాడు. పైగా ప్రాక్టీస్ బుక్కులో పిల్లలు రాసేస్తారు కాబట్టి రెండోవాళ్లకి పనికిరాదు. రెండోది కొలతలు. అంగుళాలు, అడుగులు, పౌండ్లు, ఔన్సులు. సెంటీమీటర్లు, గ్రాములు కూడా ఉంటాయి కానీ, మన పిల్ల ఔన్సు ఎందుకు నేర్చుకోవాలి చెప్పండి, మేము ఆ పేజీలు దాటేశాం. పెద్ద సంఖ్యల దగ్గర కూడా అంతా మిలియన్లే, లక్షలూ కోట్లూ మనమే కూర్చోబెట్టి చెప్పుకోవాలి. మూడోది ఇంగ్లిష్. కామిక్‌లో జోకులు చాలావరకు ఇంగ్లిష్ మాటల మీద ఆడుకున్నవి, ఇంగ్లిష్ మీడియం పిల్లలకి కూడా సగం అందవు, తెలుగు మీడియం పిల్ల అయితే పక్కన కూర్చుని చదివి చెప్పాల్సిందే. ప్రాక్టీస్ బుక్కుకి ఆ ఇబ్బంది తక్కువ, అందులో చాలా పజిల్స్‌కి అంకెలూ గళ్లే భాష.

ఇంకొక విషయం ఉంది, ఇది లోపం అనొచ్చో లేదో. ఇప్పటిదాకా అన్నీ చటుక్కున వచ్చేసిన పిల్లకి మొదటిసారి రాకపోతే తట్టుకోలేదు. మా పాప మొదట్లో పుస్తకం విసిరేసింది కూడా. పక్కన ఉన్నవాళ్లకి ఎంత టెన్షన్ అంటే, జవాబు నోటి చివర దాకా వచ్చేస్తుంది. చెప్పకండి. మరీ అయితే "పోనీ చిన్న అంకెలతో చేసి చూడు" అనండి, అంతవరకే. ఈ చెప్పకుండా ఉండటం ఎలాగో నేర్చుకోవడానికి నాకు పనికొచ్చింది అలెగ్జాండర్ జ్వోన్‌కిన్ అనే రష్యన్ గణితవేత్త డైరీ, ఇంగ్లిష్‌లో "మ్యాథ్ ఫ్రమ్ త్రీ టు సెవెన్" అని 2011లో వచ్చింది. 1980ల్లో మాస్కోలో తన కొడుకునీ, వాడి స్నేహితుల్నీ ఇంట్లో కూర్చోబెట్టుకుని లెక్కల ఆటలు ఆడించిన కథ. ఈ రోజు ఏదీ కుదరలేదు, పిల్లలు అల్లరి చేశారు అని కూడా దాచకుండా రాస్తాడాయన. అది పిల్లల పుస్తకం కాదు, మనం చదవాల్సింది.

డబ్బులు పెట్టలేం అనుకునేవాళ్లకి దారులు లేకపోలేదు. నేను అందరికీ మొదట చెప్పేది యాకోవ్ పెరెల్మాన్ అనే రష్యన్ రచయిత పుస్తకాలు. మిర్ ప్రచురణాలయం వేసిన సోవియట్ పుస్తకాలు గుర్తున్నాయా, గట్టి అట్ట, ఆ వాసన, అవే. "మ్యాథమెటిక్స్ కెన్ బీ ఫన్" ఇప్పటికీ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనూ అదృష్టం బాగుంటే దొరుకుతుంది. ఏడేళ్ల పిల్ల తనంతట తాను చదవలేదు, కథలా చదివి చెప్పాలి. అందులో చదరంగం పలక కథ ఉంది, ఒక గడికి ఒక గింజ, తర్వాతి గడికి రెండు, ఆ తర్వాత నాలుగు అంటూ 64 గళ్లకీ రాజు గారు గోధుమలు ఇవ్వలేక చేతులెత్తేసేది. మొత్తం 20 అంకెల సంఖ్య వస్తుంది. సరదా ఏంటంటే, ఇదే సంఖ్యని పద్యంలో బిగించిన ఘనుడిగా మనకి పావులూరి మల్లన ఉన్నాడు, మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి. ఒక్కొక్క మాట ఒక్కొక్క అంకె, చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఇలా. ఆ పద్యం మా నాన్నగారికి నోటికి వచ్చు. ఆయన చదువుతుంటే పాప అంకెలు రాసుకుంది, అన్నీ రాశాక "తాతయ్యా, ఇది తిరగేసి ఉంది" అంది. నిజమే, కుడి నుంచి ఎడమకి చదవాలి.

శకుంతలాదేవి పజిల్ పుస్తకాలు చవక, ఎక్కడైనా దొరుకుతాయి, ప్రయాణాల్లో బాగుంటాయి, కానీ కొన్ని పజిల్స్‌కి బీజగణితం రావాలి, పెద్దవాళ్లు ఏరి ఇవ్వాలి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పాత "మ్యాథ్-మ్యాజిక్" పుస్తకాలు మరీ కష్టమైనవేం కావు గానీ చేపల వేట, ఇటుకలు లాంటి వాటి చుట్టూ లెక్కలు అల్లిన తీరు బాగుంటుంది, పై క్లాసువి ఇస్తే ముచ్చటగా చేసుకుంటారు.

"మ్యాథమెటికల్ సర్కిల్స్" అని ఇంకో రష్యన్ పుస్తకం ఉంది, దీని ఇండియన్ ఎడిషన్ వేసింది మన హైదరాబాద్ యూనివర్సిటీస్ ప్రెస్‌యే, అందుకే ధర కూడా మనకి అందుబాటులో ఉంటుంది. అసలు పన్నెండేళ్లు దాటినవాళ్లకి, ఒలింపియాడ్‌కి తయారయ్యేవాళ్లకి. అయినా సరి బేసి అధ్యాయంలో మొదటి లెక్కలు కొన్ని చిన్నపిల్లలకి నోటితో చెప్పొచ్చు. పదకొండు పళ్లచక్రాలు గుండ్రంగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, అన్నీ ఒకేసారి తిరుగుతాయా? జవాబు చెప్పను, ఇంట్లో అడిగి చూడండి. ఒలింపియాడ్ అన్నాను కాబట్టి ఒక మాట, స్కూళ్లలో ఫీజు కట్టించుకుని చిన్న క్లాసులకి పెట్టే ఒలింపియాడ్ పరీక్షలకీ, దేశం తరఫున పిల్లలు వెళ్లే అసలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కీ సంబంధం లేదు. అసలుదానికి ఇక్కడ ఎంపిక ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ చూస్తుంది, అది హైస్కూల్ పిల్లల వ్యవహారం. రెండో క్లాసు పిల్లకి గోల్డ్ మెడల్ వచ్చిందని కంగారుపడి కోచింగ్‌లో పడేయకండి.

సరే, కొనాలనుకుంటే ఇలా చేయండి. ముందు బీస్ట్ అకాడమీ సైట్లో ఏ లెవెల్ సరిపోతుందో చూసుకునే పరీక్ష, కొన్ని నమూనా పేజీలు ఉచితంగా ఉంటాయి, అవి ప్రింట్ తీసి ఇవ్వండి. మీ పిల్ల చదివే క్లాసు కన్నా లెవెల్ కిందది తేలినా చిన్నబుచ్చుకోవద్దు, వీళ్ల రెండో లెవెల్ అంటే మన రెండో క్లాసు అనుకుంటే పొరపాటు. నచ్చితే ఆ లెవెల్ మొదటి భాగం ఒక్కటి కొనండి, డబ్బులు చాలవనుకుంటే ప్రాక్టీస్ బుక్ ఒక్కటే చాలు. ఆన్‌లైన్ చందా కూడా ఉంది, లెక్కలతో పాటు ఆ సంస్థ పెట్టినాయనే వీడియోల్లో పాఠం చెబుతాడు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లయితే కొనేముందు మీ ఊరి లైబ్రరీలో గైడ్లు ఉన్నాయేమో అడగండి. మేము స్క్రీన్ వద్దనుకుని పుస్తకాలకే ఉండిపోయాం, ఇప్పుడు మూడో లెవెల్ కోసం తమ్ముడి తర్వాతి ప్రయాణం ఎప్పుడా అని చూస్తున్నాం.

మా దగ్గర లెవెల్ 2 గైడ్లు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి, హైదరాబాద్‌లో ఎవరికైనా కావాలంటే చదివి తిరిగి ఇచ్చే షరతు మీద ఇస్తాను. ప్రాక్టీస్ బుక్కులు అడగొద్దు, వాటిలో రాసినవన్నీ దాచుకుంటానని పాప ముందే చెప్పేసింది.