నల్లమల ఘాట్లలో ఉక్కు సైకిలు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

దేవరకొండలో బయలుదేరి, డిండి మీదుగా హాజీపూర్ చేరి, మన్ననూరు ఘాటు ఎక్కి, అమ్రాబాద్ అడవిని దాటి, కృష్ణ లోయలోకి దిగి శ్రీశైలం చేరుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఒక్కోసారి రంగాపూర్ నుంచి ఉమామహేశ్వరం దాకా, ఒక్కోసారి కొల్లాపూర్ వైపు మళ్లి సోమశిల దాకా వెళ్తాను. ఈ దారులన్నీ ఒకే సైకిలు మీద, రెండు వైపులా సంచులు కట్టుకుని తిరిగాను. ఉక్కు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, పళ్ల చక్రాలు ముందు మూడు, వెనుక ఏడు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: మన దక్షిణ తెలంగాణ దారుల్లో సామానుతో దూరం వెళ్లాలనుకునేవారికి ఇంతకన్నా నమ్మకమైన సైకిలు నాకు తెలియదు. అయితే కొన్న రూపంలోనే వాడితే సరిపోదు. వెనుక ఇరుసు, టైర్లు మార్చాకే ఇది నమ్మకమైనదయింది.

ఇది సస్పెన్షన్ లేని పాతకాలపు మౌంటెన్ సైకిలు. పాతదే కొని, ఊళ్లోనే క్యారియర్, మడ్గార్డులు వేయించుకున్నాను. ఖాళీగా 15 కిలోలకు పైనే తూగుతుంది. దుకాణంలో చేత్తో ఎత్తి చూసి పెదవి విరిచేవారు చాలామంది. గుడారం, దుప్పటి, బట్టలు, నీళ్లు, పనిముట్లు కలిపితే మరో 15 కిలోలవుతాయి. ఇంత బరువు మోసే చోట ఫ్రేములో రెండు కిలోలు తగ్గించుకోవడానికి వేలకు వేలు పోయడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది.

అసలు విలువంతా గేర్లలో ఉంది. ముందు చిన్న చక్రానికి 22 పళ్లు, వెనుక పెద్దదానికి 34. ఈ జతలో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 1.3 మీటర్లు మాత్రమే కదులుతుంది. గేర్లు లేని మామూలు సైకిలులో అదే చుట్టుకు అయిదు మీటర్లకు పైగా పోతుంది. చదునైన నేల మీద ఆ అయిదు మీటర్లు హాయిగా ఉంటాయి గాని, మన్ననూరు ఘాటులో మోకాళ్లను నలిపేస్తాయి. 1.3 మీటర్ల గేరులో నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు అయిదు కిలోమీటర్ల లోపు వేగం వస్తుంది, అంటే నడక కన్నా కొద్దిగా ఎక్కువ. ఆ వేగం నాకు చాలు. ఊపిరి అదుపులో ఉంటుంది. పక్కన మద్ది, తునికి, ఇప్ప చెట్లను విడివిడిగా చూసే తీరిక దొరుకుతుంది, వేసవికి ముందు రాలిన ఆకుల మీద ఏదో జంతువు కదిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. కొత్తగా వచ్చే చాలా సైకిళ్లలో ముందు ఒకటే పళ్ల చక్రం ఉంటోంది. సామాను మోసేవారు కొనేముందు అతి చిన్న గేరు లెక్క చూసుకోవాలి. ముందు పళ్ల సంఖ్య వెనుక పళ్ల సంఖ్య కన్నా తక్కువగా ఉండాలి. ఈ ఒక్క షరతు తప్పిన సైకిలును నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఇక చక్రం సైజు. పట్నం దుకాణాల్లో 26 అంగుళాలు పాతబడిపోయిందని, 700 లేదా 29 సైజు తీసుకోమని చెబుతారు. ఆ సైజుల మీద నాకు కోపం లేదు. వాటి ట్యూబు డిండిలో అడిగితే దొరకదన్నదే నా అభ్యంతరం. అచ్చంపేటలో నేను ఆగే దుకాణం పెద్దాయన ఒకసారి నా వెనుక చక్రం చేత్తో తిప్పి చూసి, "దీనికి స్పేరు సామాను ఎప్పుడూ దొరుకుతుంది బిడ్డా. సన్న చక్రాల సైకిలుతో వచ్చిన పిల్లవాణ్ని మాత్రం బస్సు ఎక్కించి పంపించాను" అన్నారు. ఆ రోజు ట్యూబు మార్చి, చక్రం ఔటు తీసి, చైనుకు నూనె వేసి ఆయన తీసుకున్న డబ్బు పట్నంలో ఒక టీకి, బిస్కెట్లకు అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 26 అంగుళాలు అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటి కావు. ఆడపిల్లలు బడికి తొక్కుకెళ్లే సైకిళ్ల 26 టైరు సన్నగా ఉంటుంది, దాని అంచు మీద 590 అనే సంఖ్య కనిపిస్తుంది. మన సైకిలుకు కావలసింది 559 సంఖ్య ఉన్న టైరు. ఈ రెండూ ఒకదాని రిమ్ము మీద మరొకటి కూర్చోవు. అడిగేటప్పుడు ఆ సంఖ్య చెప్పి తీసుకోండి. గాలి మూతి కూడా మోటారు సైకిలుకు ఉండే లావు రకమే ఉండాలి. అప్పుడు పెట్రోలు బంకులోనూ, లారీల పంక్చర్ కొట్టులోనూ గాలి పట్టించుకోవచ్చు.

టైర్ల విషయంలో మన నేల కఠినమైనది. చందంపేట, దేవరకొండ చుట్టుపక్కల తండాల మధ్య మట్టిదారుల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు విపరీతం. కొన్నప్పుడు వచ్చిన పలుచని టైర్లు వీటిని తట్టుకోలేదు. లోపల గట్టి పొర ఉన్న రెండు అంగుళాల వెడల్పు టైర్లు వేశాక పల్లేరు బాధ దాదాపు పోయింది. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం నిటారుగా దిగితే ఏ పొరనైనా చీల్చేస్తుంది. అందుకే పంక్చర్ వేసుకునే ముక్కలు, సొల్యూషన్, రెండు ట్యూబులు ఎప్పుడూ సంచిలో ఉండాలి. వడ్ల కోతల కాలంలో మరో ఇబ్బంది వస్తుంది. తారు రోడ్డు మీద సగానికి ధాన్యం ఆరబోస్తారు. రైతుకు వేరే కల్లం లేక చేసే పని అది, వారిని తప్పుపట్టను. కానీ ధాన్యం మీద బ్రేకు వేస్తే చక్రం జారిపోతుంది. దూరం నుంచే వేగం తగ్గించుకుని, ధాన్యం అంచు మీదికి పోకుండా పక్కనుంచి దాటాలి.

ఈ సైకిలును నేను నిజంగా నమ్మడం మొదలుపెట్టింది దిగుడులో. దోమలపెంట, ఈగలపెంట దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ శ్రీశైలం ఆనకట్ట కిందికి దిగుతుంది. ఆనకట్ట పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. వంతెన దానికన్నా ఇంకా దిగువన ఉంటుంది. అంటే పీఠభూమి మీద గంటల తరబడి కష్టపడి ఎక్కిన ఎత్తంతా ఒక్కసారిగా వదిలేసుకుంటాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు కిందికి జారుతుంటే ఆపే పని రెండు జతల బ్రేకు రబ్బర్లది. నాది రిమ్మును పట్టుకునే బ్రేకు. ఆగకుండా నొక్కి ఉంచితే రిమ్ము కాలిపోతుంది, ఆ వేడికి ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. సగం దిగాక ఒకసారి ఆగి రిమ్ము చల్లారనివ్వాలి. ఈ పద్ధతిలో ఏళ్లుగా ఒక్కసారి కూడా నాకు బ్రేకు మోసం చేయలేదు.

వానాకాలంలో మాత్రం రిమ్ము బ్రేకు మీద నాకు ఫిర్యాదు ఉంది. ఎర్రమట్టి బురద రబ్బరుకు అంటుకుని రిమ్మును ఆకురాయిలా అరగదీస్తుంది. వెనుక రిమ్ము పక్కగోడలు వేలితో తడిమితే గుంట తెలిసేంతగా అరిగాయి, మార్చక తప్పలేదు. తడిలో డిస్కు బ్రేకు మేలని ఒప్పుకుంటాను. అయినా నా ఎంపిక మారలేదు. డిస్కు బ్రేకు బిళ్లలు ఈ దారిలో నాకు ఏ ఊళ్లోనూ దొరకలేదు. రిమ్ము బ్రేకు రబ్బర్లు సైకిలు దుకాణం ఉన్న ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి.

ఇక అసలు లోపం. ఈ రకం సైకిళ్లలో వెనుక పళ్ల చక్రాలు స్క్రూ లాగా బిగించే ఫ్రీవీల్ రకంగా వస్తాయి. ఈ అమరికలో కుడివైపు బేరింగు చక్రం మధ్యకు దగ్గరగా ఉంటుంది, ఇరుసులో చాలా భాగం ఆధారం లేకుండా బయటికి సాగుతుంది. ఖాళీ సైకిలుకు ఇది తెలియదు. వెనుక సంచుల బరువుతో గుంతలో పడ్డప్పుడల్లా ఇరుసు కొంచెం కొంచెం వంగుతుంది. నాది వంగింది, మార్చాక మళ్లీ వంగింది. చివరికి కాసెట్ రకం హబ్బు, అంటే ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగం, వేయించాను. అందులో బేరింగు కుడిచివరకు జరుగుతుంది కాబట్టి ఆ బాధ మళ్లీ రాలేదు. 36 స్పోకులతో చేత్తో అల్లించిన చక్రం ఇప్పటికీ నిటారుగా తిరుగుతోంది. కొనేవారు ముందే ఈ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి. నాకు అన్నీ కలిపి 30,000 రూపాయల లోపే అయింది.

సీటు, హ్యాండిల్ ఎవరి ఒంటికి తగ్గట్టు వారు చూసుకోవాలి, వాటి గురించి నేను చెప్పేది తక్కువ. క్యారియర్ మాత్రం ఉక్కుదే ఉండాలి. అది విరిగితే గ్రిల్లులు చేసే వెల్డింగు షాపులో అతుకు వేయించుకోవచ్చు, అల్యూమినియం అయితే ఆ వీలుండదు.

ఫ్రేముకు మూడు నీళ్ల సీసాలు పెట్టుకునే చోటు ఉంది. దీన్ని నేను చాలా పెద్ద సుగుణంగా లెక్కిస్తాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ తరాల తరబడి మనుషుల ఎముకలను వంచేసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. ఆ ఊళ్లలో వంగిన వీపులతో అరుగుల మీద కూర్చున్న పెద్దలను చూసినవారెవరూ ఈ మాటను తేలిగ్గా తీసుకోలేరు. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్న నల్లా ఎక్కడుందో అడిగి నింపుకోండి, చేతిపంపు నీళ్లు తాగకండి. అడవిలో మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంటల్లో సీసాలు నింపుకోవచ్చు. వాటి మధ్య దూరాలు ఎండలో చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

అడవి గురించి తప్పక చెప్పాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ రోడ్డు మూసి ఉంటుంది. సైకిలు మీద వెళ్లేవారు ఇంకా ముందుగా, సాయంత్రం వెలుగు ఉండగానే ఏదో ఒక ఊరు చేరాలి. చెంచుల గూడేలైన పెంటలకు పోయే మట్టిదారులు ఈ సైకిలుకు సులువే, కానీ అటవీశాఖ అనుమతి లేకుండా అటు తిరగకండి. అవి వాళ్ల ఇళ్లు, మనం చూసి పోయే వింతలు కావు. ఫరహాబాద్ దగ్గర కోతులు ఆగిన సైకిలు సంచిని క్షణంలో విప్పేస్తాయి. జిప్పు సంచుల కన్నా, మూతిని చుట్టి కట్టే సంచులు మేలు. కోతులకు ఏమీ పెట్టకండి. తిండి కోసం రోడ్డు మీదికి వచ్చిన కోతులే బండ్ల కింద పడి చస్తున్నాయి. శివరాత్రికి ముందు రోజుల్లోనూ, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర జరిగేటప్పుడూ ఈ రోడ్డు కార్లతో, జీపులతో నిండిపోతుంది. అప్పుడు సోమశిల వైపు వెళ్లండి. నేనైతే సీతాఫలాలు బుట్టల్లో రోడ్డు పక్కకు వచ్చే కాలం నుంచి సంక్రాంతి దాకానే ఎక్కువగా తిరుగుతాను.

ఈ సైకిలు ఎవరికి నప్పదు? హైదరాబాద్ బయటి రోడ్ల మీద పొద్దున్నే వేగంగా తొక్కి ఇంటికి చేరేవారికి నప్పదు. చదునైన తారు రోడ్డు మీద సన్న చక్రాల వారు మిమ్మల్ని దాటి వెళ్లిపోతారు. కల్వకుర్తి నుంచి డిండి దాకా ఎదురుగాలి వీచినప్పుడు ఈ లావు టైర్ల బరువు నాకూ తెలుస్తుంది. సంచులు కట్టుకుని పోయేవారు మాత్రం పాత సైకిళ్ల దుకాణంలో ఇలాంటిది కనబడితే మూడు చూడండి: ఫ్రేము వెనుక క్యారియర్ బిగించే రంధ్రాలు ఉన్నాయా, పెడలు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు 45 సెంటీమీటర్లకు దగ్గరగా దూరం ఉందా, ముందు ఫోర్కు సస్పెన్షన్ లేనిదేనా. ఆ దూరం తక్కువైతే మడమ ప్రతి చుట్టుకూ సంచిని తన్నుతుంది. ఈ మూడూ ఉంటే రంగు పోయినా, చైను తుప్పు పట్టినా కొనేయండి, మిగిలినవన్నీ అచ్చంపేటలోనే మార్పించుకోవచ్చు.