వికానా, డ్రూయిడ్రీనా, అసాత్రునా, ఊరి అమ్మవారా: కృష్ణ ఒడ్డున ఏది మేలు?

ప్రకృతిని కొలిచే దారి వెతుక్కునేవాళ్ళకి నెట్‌లో ముందు ఎదురయ్యేది వికా, అంటే ఇంగ్లండులో పుట్టిన మంత్ర సాధన మతం. తర్వాత పాత కెల్టిక్ పూజారులైన డ్రూయిడ్ల పేరు మీది డ్రూయిడ్రీ, ఉత్తర యూరప్ పాత దేవతల్ని కొలిచే అసాత్రు. మూడింటినీ కలిపి పాగన్ మతాలు, అంటే క్రైస్తవానికి ముందున్న యూరప్ ఆరాధనల ప్రేరణతో వచ్చినవి, అంటారు గానీ మూడింటి నమ్మకాలూ వేరు. వీటి పక్కనే మన పోలేరమ్మ, అంకమ్మ, జమ్మిచెట్టు, నాగులపుట్ట ఉన్నాయి. బెజవాడలోనో గుంటూరులోనో ఉండి ఒకటి ఎంచుకోవాలంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. దేవతలు నిజంగా ఉన్నారని మీ నమ్మకమా, లేక నది, చెట్టు, ఎండ, వాన చాలా? గురువూ దీక్షా కావాలా, ఒంటరిగా చేసుకోగలరా? చాలామంది ఇది తేల్చుకోకుండా ముందు సామాన్లు కొంటారు. కత్తి, గిన్నె, రాళ్ళు, విదేశీ ధూపం ఇంటికొస్తాయి, కొన్నాళ్ళకి అటకెక్కుతాయి.

వికా వేల ఏళ్ళనాటిదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇంగ్లండులో మంత్రగత్తెల మీదున్న పాత చట్టం 1951లో రద్దయింది. 1954లో దీన్ని మొదలుపెట్టిన ఇంగ్లీషాయన జెరాల్డ్ గార్డ్నర్ పుస్తకం వచ్చాక వికా సంగతి జనానికి తెలిసింది. ఒక దేవి, ఒక కొమ్ముల దేవుడు, ఏడాదికి ఎనిమిది పండగలు, పౌర్ణమి పూజ, ఎవరికీ హాని చేయకూడదన్న నియమం, ఇదీ దాని రూపం. దీక్ష మూడు అంచెలు, అది కోవెన్ అనే చిన్న బృందంలోనే ఇస్తారు. మన దగ్గర కోవెన్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఒంటరి సాధనకే సిద్ధపడండి. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే దీక్ష ఇస్తామంటే దూరంగా ఉండండి. గార్డ్నర్ సంప్రదాయంలో దీక్షకి డబ్బు తీసుకోకూడదు.

పౌర్ణమి భాగం మనకి సులువు, గోడ మీది క్యాలెండరు చాలు. చిక్కు ఎనిమిది పండగలతో. అవి ఇంగ్లండు వాతావరణానికి అల్లినవి. లండన్‌లో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు ఎనిమిది గంటలకి కాస్త తక్కువ, జూన్‌లో పదహారున్నర. అందుకే అక్కడ యూల్ అనే ఆ చిన్న పగటి పండగ నాడు సూర్యుడు మళ్ళీ పుట్టాడన్నంత సంబరం. బెజవాడలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలకి పైనే, అతి పెద్దది పదమూడు. ఆ తేడా ఒంటికి తెలియదు. మే 1న బెల్టేన్ అనే వేసవి రాక పండగకి మంట వెయ్యమంటారు. వడగాలికి జనం తలుపులేసుకునే రోజులవి. అక్టోబరు 31న సావిన్, అంటే ఆకురాలిన చావు కాలం. మనకప్పుడు వరి పచ్చగా ఉంటుంది, తుపాను భయం ఉంటుంది. తారీఖులు యథాతథంగా పాటిస్తే ఏడాది తిరిగేసరికి పండగలన్నీ కాగితం మీద పండగలైపోతాయి.

మా సలహా, ఎనిమిదింటి బదులు కార్తెలు పట్టుకోండి. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రైతులు వాడిన ప్రకృతి క్యాలెండరు ఇదే. మే చివర రోహిణి, రోళ్ళు పగిలే ఎండ. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, తొలకరి. అన్నీ చెయ్యనక్కర్లేదు, ఏడెనిమిది ఎంచుకోండి. ఇంకో రోజు కూడా కలపొచ్చు: బెజవాడ ఉన్న 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి ఏడాదికి రెండుసార్లు వస్తాడు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి నిలువు కర్రకి నీడ ఉండదు. లండన్‌లో ఇది ఎప్పటికీ జరగదు. సూర్యుణ్ణి కొలిచేవాళ్ళకి ఇంతకంటే సొంత పండగ ఏముంది?

వికా పూజలో దిక్కుల గొడవ కూడా ఉంది. ఉత్తరం భూమి, తూర్పు గాలి, దక్షిణం అగ్ని, పడమర నీళ్ళు అని అక్కడి వాడుక. ఇంట్లో పెద్దలకేమో అగ్ని ఆగ్నేయం, నీళ్ళు ఈశాన్యం. దేన్నీ గుడ్డిగా పట్టుకోవద్దు. బెజవాడలో కృష్ణ ఊరికి దక్షిణాన ఉంది, గుంటూరు వాళ్ళకి ఉత్తరాన. నీళ్ళ గిన్నె నది ఉన్న వైపు పెట్టండి. మే నెల మేడ మీద కొవ్వొత్తులు మెత్తబడి వంగిపోతాయి, ప్రమిదలో నువ్వుల నూనె దీపమే నయం. పూజ చోటు చుట్టూ ఉప్పుతో వలయం గీస్తే నేల మీదే గియ్యండి, తర్వాత తుడిచి చెత్తలో వెయ్యండి. కుండీలో పోస్తే ఉప్పు వేళ్ళకి నీరందనివ్వదు, మొక్క చస్తుంది. ఇంకొకటి, ఇంట్లో చెప్పకుండా కత్తి, మంత్రాలు అంటూ మొదలెడితే చేతబడి అనుకుంటారు. మన ప్రాంతంలో ఆ అనుమానం ప్రమాదకరం. కత్తి లేకపోయినా పూజ ఆగదు, వలయం చూపించడానికి చూపుడు వేలు చాలు.

డ్రూయిడ్రీలో ఈ ఇబ్బందులు తక్కువ. పాత డ్రూయిడ్లు రాతలేవీ మిగల్చలేదు, ఇప్పటిది 18వ శతాబ్దం నుంచి మళ్ళీ కట్టుకున్నది. 1964లో రాస్ నికల్స్ పెట్టిన బార్డ్స్, ఓవేట్స్ అండ్ డ్రూయిడ్స్ బృందం 1988 నుంచి దూరవిద్య పద్ధతిలో నేర్పుతోంది. మొదటి అంచె పాట, కథ; రెండోది చెట్లు, మూలికలు; మూడోది డ్రూయిడ్. దేవుణ్ణి నమ్మాలన్న షరతు లేదు, నాస్తికులూ చేరొచ్చు. 1983లో ఐజాక్ బోన్‌విట్స్ మొదలుపెట్టిన అమెరికా బృందం ఏడీఎఫ్ వేరు, అక్కడ అనేక దేవతల ఆరాధనే మూలం. రెండిట్లోనూ చదువు ఎక్కువ, ఇంగ్లీషు బాగా రావాలి.

ఓక్ చెట్టు కోసం వెతకొద్దు. వేప, రావి, మర్రి, జమ్మి, తాడి ఉన్నాయి. చెట్ల చదువుకి వినాయక చవితి 21 పత్రి మంచి మొదలు, ఒక్కో ఆకూ ఏ చెట్టుదో గుర్తుపట్టడం నేర్చుకోండి. అయితే వాటిలో ఉమ్మెత్త, గన్నేరు విషం, జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. మూలిక అన్నారని ఏదీ కషాయం కాచుకోవద్దు.

అసాత్రు గురించి రెండు మాటలు చాలు. 1972లో ఐస్‌లాండ్‌లో సంఘంగా మొదలై మరుసటి ఏడాదే ప్రభుత్వ గుర్తింపు పొందింది. ఆ పాత దేవుళ్ళు ఓడిన్, థోర్ కథలు మిమ్మల్ని నిజంగా లాగితేనే అటు వెళ్ళండి. కొన్ని విదేశీ బృందాలు యూరప్ రక్తం ఉన్నవాళ్ళనే చేర్చుకుంటాయి, ముందే అడిగి తెలుసుకోండి.

దేవత ఉందని నమ్మేవాళ్ళకి మాత్రం వికా కంటే ఊరి అమ్మవారే మేలని మా గట్టి అభిప్రాయం. ఊరి పొలిమేర, వేపచెట్టు, పసుపు పూసిన రాయి, వాన కోసం మొక్కు: నేలకి కట్టుబడిన దైవం ఇంతకంటే దగ్గర్లో దొరకదు. అపార్ట్‌మెంటులో ఉంటే మీ సొంతూరి గ్రామదేవత ఎవరో, జాతర ఎప్పుడో పెద్దవాళ్ళని అడగండి. ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద శాకంబరి అలంకారం చూడండి, అమ్మవారిని కూరగాయలతో, పండ్లతో అలంకరిస్తారు. అయితే ఈ దారి ఒంటరిది కాదు. పూజారి హక్కు, ఏ కులం వాళ్ళు ఏ పని చెయ్యాలన్న వరస ఊరిది, మీ ఇష్టానికి మారదు. బలి కూడా ఎదురవుతుంది. 1950 నాటి చట్టం గుడి ఆవరణలో బలిని నిషేధించినా ఆచారం పోలేదు. అది మనసుకి పడకపోతే పొంగలి, వేపమండలతో మొక్కు తీర్చుకోవచ్చు.

ఏదీ వెంటనే ఖాయం చేసుకోకండి. ఉగాది నుంచి ఉగాది దాకా ఒక ఏడు చూడండి. నడిచి వెళ్ళగలిగే చోటు ఒకటి ఎంచుకోండి, ఒక చెట్టో, చెరువో, కాలువగట్టో. వారానికి రెండుసార్లు పావుగంట కూర్చుని పూత, పిట్ట, గాలి ఏ వైపో రాయండి. బెజవాడలో ఘాట్ ఎంచుకుంటే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బ్యారేజీ దగ్గర వరద హెచ్చరిక ఉన్నప్పుడు మెట్లు దిగొద్దు. గుంటూరు వాళ్ళకి ఉప్పలపాడు చెరువుంది, పిట్టల కోసం పొద్దున్నే వెళ్ళండి. ఏడాది చివర ఆ నోటుబుక్కు తిరగెయ్యండి. చెట్లు, పిట్టల పేర్లే నిండి ఉంటే డ్రూయిడ్రీ చదువుకి డబ్బు కట్టండి. పౌర్ణమి రాత్రులే ఎక్కువ రాసి ఉంటే వికా. అమ్మవారి పేరు మాటిమాటికీ వస్తుంటే జాతర తారీఖు కనుక్కుని సెలవు పెట్టండి.