ధనుర్మాసంలో మైలాపూరు: కచేరీలు, క్యాంటీన్లు, మా అమ్మ వినికిడి యంత్రం

మద్రాసులో ఏటా డిసెంబరులో జరిగే కర్ణాటక సంగీత కచేరీలు వినాలన్న కోరిక మా అమ్మకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. సంసారం, ఉద్యోగం, అత్తగారి అనారోగ్యం, మా చదువులు ఒకదాని వెనుక ఒకటి అడ్డం వచ్చి, తీరా వెళ్లగలిగే నాటికి ఆవిడకు 74 ఏళ్లు నిండాయి. మోకాళ్ల నొప్పులతో పాటు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు వచ్చాయి. అందువల్ల ఈ ఐదు రోజుల యాత్రలో కూర్చున్న ప్రతి హాలునూ, తిన్న ప్రతి హోటలునూ, చివరికి బస చేసిన గదిలో ప్లగ్గులు ఎక్కడ ఉన్నాయన్న సంగతినీ నేను ఆవిడ చెవులతోనూ మోకాళ్లతోనూ కొలవవలసి వచ్చింది. అలా కొలిచేసరికి, బయల్దేరే ముందు నేను ఎంతో శ్రద్ధగా వేసుకున్న పట్టిక సగానికి పైగా తారుమారైంది.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి, ఎందుకంటే అది సరిగ్గా పనిచేయకపోతే మిగిలినదంతా వృథా అయ్యేది. వినికిడి యంత్రాలను ప్రధానంగా మనుషుల మాటలు వినపడటం కోసం తయారుచేస్తారు. మెల్లని శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించడం వాటి పద్ధతి కనుక, కచేరీలో మృదంగం గట్టిగా మోగినప్పుడల్లా దానితో పాటు గాయని గొంతు కూడా అణిగిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. యంత్రం తన శబ్దాన్ని తానే తిరిగి విని కీచుమని కూత పెట్టకుండా లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు ఎడతెగక నిలిచి ఉండే ఏ స్వరాన్నైనా కూతేనని పొరబడి అణచబోతుంది. మాటల్లో అంత నిలకడైన స్వరం ఉండదు కనుక ఇబ్బంది తెలియదు. వేణువు, వయొలిన్, పాట వెనుక ఎడతెగక మోగే తంబూర శ్రుతి మాత్రం వణుకుతున్నట్టు, నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. ఏడాదిగా అమ్మ ‘‘నా చెవిలో శ్రుతి నిలవడం లేదమ్మాయ్’’ అంటుంటే వయసు మీద పడినందువల్ల అనుకున్నామే తప్ప యంత్రాన్ని అనుమానించలేదు. ప్రయాణానికి వారం ముందు విజయవాడలో పరీక్షించిన ఆడియాలజిస్టు అమ్మ చేత షడ్జమం పట్టించి, ఆ కూతను అణిచే ఏర్పాటునూ రొదను తగ్గించే ఏర్పాటునూ ఆపేసి, సంగీతం కోసమని వేరే అమరిక ఒకటి యంత్రంలో చేర్చి ఇచ్చారు. అరగంట పని. పైసా ఖర్చు కాలేదు. వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దలు ఇంట్లో ఉండి, వారికి సంగీతం మీద ఇష్టం ఉంటే, ఈ అమరిక గురించి తప్పక అడగమని నా సలహా.

విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే బయల్దేరి, నెల్లూరు దగ్గర పెన్న దాటి, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగాము. బయటి రొదను తగ్గించే ఇయర్‌బడ్స్ నాకు రైల్లో కొంతవరకే ఉపయోగపడ్డాయి. ఏసీ హోరు, పట్టాల మోత వంటి ఎడతెగని శబ్దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి దాన్ని మాయం చేయడం వాటికి తేలికే గాని, పక్క సీటాయన ఫోనులో గంటల తరబడి మోగిన కామెడీ బిట్ల మీద వాటి ప్రతాపం ఏమీ చెల్లలేదు.

మందవెళి దగ్గర రోజుకు 2,600 రూపాయల చొప్పున తీసుకున్న గది శుభ్రంగానే ఉంది, మైలాపూరు కపాలీశ్వరుని కోవెలకూ దగ్గరే. అయితే స్నానాల గదిలో మూడు లీటర్ల గీజరు మాత్రమే బిగించారు; వేడినీళ్లు ఒక బకెట్టు నిండాలంటే ధారను బాగా సన్నం చేసి, ఓపికగా కాచుకొని నిలబడాలి. ఉదయం ఎనిమిదింటికి మొదలయ్యే సంగీత ఉపన్యాసానికి వెళ్లవలసిన ఇద్దరు మనుషులకు ఆ ఓపిక తెల్లవారుజామున ఐదింటికే మొదలు కావాలి. మంచం పక్కన ఉన్నది ఒకే ఒక ప్లగ్గు. వినికిడి యంత్రాల ఛార్జింగు డబ్బా, నా ఫోను, దోమల మందు మిషను ఆ ఒక్కదాని కోసం మొదటి రాత్రి పోటీపడ్డాయి. చెవుల కంటే ముఖ్యమైనవేవీ లేవు కనుక ఫోనును నా పవర్‌బ్యాంకుకు అప్పగించాను. దోమలు మమ్మల్ని తమకు తాము అప్పగించుకున్నాయి. మర్నాడు లజ్ సెంటర్‌లో కొన్న మూడు గజాల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఈ యాత్రలో నేను కొన్నవాటన్నింటిలోకీ విలువైనది.

ఉదయం ఎంగిలిపడటానికి మేం ఎక్కువగా వెళ్లింది అరండేల్ వీధిలోని రాయర్ మెస్‌కు. అది చిన్న చోటు. బయట నిలబడి మన వంతు కోసం చూడాలి, లోపలికి వెళ్లాక ఎదురుచూస్తున్న వాళ్ల ముఖాలు గుర్తుంచుకొని తొందరగా లేవాలి. ఇడ్లీ, పొంగలి, వడలతో పాటు అక్కడ వేసే కొబ్బరి చట్నీని వాళ్లూ ‘గట్టి చట్నీ’ అనే పిలుస్తారు. తమిళంలోనూ మన మాటే వినపడగానే అమ్మకు సగం ఆకలి తీరింది. నాకు ఆ పొంగలి కంటే వడే నచ్చింది. పొంగలిలో మిరియం ఇంకాస్త చురుక్కుమనాలి. కోవెల దగ్గర కిటికీలోంచి బజ్జీలు అందించే జన్నల్ కడైకి ఒక సాయంత్రం వెళ్లాము. కిటికీయే కొట్టు కనుక బల్లలు, కుర్చీలు ఉండవు. నిలబడి తినడం అమ్మ వల్ల కాక, పొట్లం కట్టించుకొని కోవెల కోనేటి వైపు నడిచాము.

ఒకరోజు పని పెట్టుకొని ట్రిప్లికేన్ వెళ్లి, 1948 నుంచి నడుస్తున్న రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ తిన్నాము. ఇడ్లీల మీద సాంబారు గరిటెతో కాక జగ్గుతో పోస్తారు, అయిపోగానే అడక్కుండానే మళ్లీ పోస్తారు. మన కోస్తా సాంబారులో బెల్లం తగిలే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇందులో పప్పుదీ మసాలాదీ కమ్మదనమే గాని తీపి పెత్తనం లేదు. అమ్మ మొదట ముఖం చిట్లించి, రెండో విడత పోయించుకున్నాక ఏమీ అనలేదు.

ఇక కచేరీలు. 1927లో మద్రాసు కాంగ్రెస్ సభలతో పాటు జరిగిన సంగీత సమ్మేళనం ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఇప్పుడు డిసెంబరు నడిమి నుంచి జనవరి ఒకటి దాకా ఊరంతా పదుల కొద్దీ సభల్లో (కచేరీలు ఏర్పాటు చేసే సంస్థలను ఇక్కడ అలాగే అంటారు) రోజూ పొద్దుటి నుంచి రాత్రి దాకా పాట సాగుతుంది. చెన్నైకి 2017లో యునెస్కో సంగీత నగరంగా గుర్తింపు వచ్చింది. అకాడమీలో ఉదయం జరిగే సోదాహరణ ప్రసంగాలకు టికెట్టు అక్కర్లేదు. రెండు రోజులు వెళ్లాము. ప్రసంగం కన్నా ముందు వరుసల్లోని వృద్ధ విద్వాంసులు ఆ తర్వాత వేసే ప్రశ్నలే నాకు ఎక్కువ రుచించాయి. మన తెలుగు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1941లో, శ్రీపాద పినాకపాణి గారు 1983లో, నేదునూరి కృష్ణమూర్తి గారు 1991లో సంగీత కళానిధి బిరుదు పొందినది ఈ అకాడమీ నుంచే కావడంతో, అమ్మ అక్కడ చెప్పులు విడిచి కూర్చున్నారు, ఎవరూ విడవమనలేదు.

సాయంత్రపు పెద్ద కచేరీకి నేను నెల ముందే టికెట్లు కొన్నది వేరొక సభలో. పేరు చెప్పను. ముందు వరుసల కోసం బాగానే ఖర్చు పెట్టాను, అదే పొరపాటు. మృదంగానికి రెండు మైకులు, ఘటానికి ఒకటి, వేదిక మీద కళాకారులకు ఎదురుగా మళ్లీ స్పీకర్లు. కచేరీ మొదట్లో పాడే వర్ణం పూర్తి కాకముందే కళాకారులు ముగ్గురూ మైకుల మనిషికి వేర్వేరు సైగలు చేయడం మొదలైంది, ఆ సైగలన్నీ పైకి పెంచమనే. నా ఫోనులోని శబ్దం కొలిచే యాప్ నిక్కచ్చి పరికరం కాదు గాని, ముల్లు 90 డెసిబెల్స్ దగ్గర తచ్చాడుతూనే ఉంది. ఎనిమిది గంటల పనిలో 85 దాటితే చెవికి ముప్పని చాలా దేశాల్లో కర్మాగారాలకే హద్దు పెట్టారు. పాట ఆగి మృదంగం, ఘటం మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలు కాగానే, ఎప్పటిలాగే, జనం క్యాంటీనుకు లేచారు. అమ్మ మాత్రం రెండు యంత్రాలూ తీసి చేతిసంచిలో వేసుకొని, ‘‘ఇప్పుడు సరిగ్గా ఉంది’’ అన్నారు. వినికిడి తగ్గిన మనిషి ఉత్త చెవులతో వినగలిగేటంత మోత అది. ముందు వరుసల్లో ఫోన్ల తెల్లని తెరల వెలుగు సరేసరి; రాగం పేరు పక్కవాళ్లను అడిగే రోజులు పోయి ఫోనును అడిగే రోజులు వచ్చాయి.

మర్నాటి నుంచి పట్టిక మార్చేశాను. చాలా సభల్లో సాయంత్రం నాలుగింటికి ముందు జరిగే కచేరీలకు టికెట్టు ఉండదు, యువ కళాకారులకు ఇచ్చే వేళ అది. సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి కనుక అమ్మ నడవ పక్కనే, వేదికకు మరీ దగ్గర కాకుండా కూర్చోగలిగారు. లజ్ అవెన్యూలోని రాగసుధ హాలు చిన్నది. మేం వెళ్లిన మధ్యాహ్నం మైకు ఉన్నా ఉందని గుర్తించవలసిన అవసరం రాలేదు. ఇరవై ఏళ్లు దాటని ఒక అమ్మాయి కాంభోజి రాగం ఆలాపన చేస్తుంటే వయొలిన్ కమాను తీగ మీద ఆనే చప్పుడు కూడా వినిపించింది. అమ్మ సంగీతపు అమరిక పెట్టుకొని, కళ్లు మూసుకొని, చివరి దాకా తాళం వేస్తూనే ఉన్నారు. శ్రుతి నిలిచింది.

ఆ శ్రుతి, నిజానికి, ఫోనులోంచి వస్తున్నది. మనిషి మీటే తంబూర కొన్ని వేదికల మీదే కనిపించింది. ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చి చాలా కాలమైంది, ఇప్పుడు వాటి స్థానంలోకి కూడా ఫోను యాప్ వస్తోంది. దాన్ని తప్పుపట్టలేను. పాత తంబూర వెంట ఒక మనిషిని, ఆ మనిషి రైలు టికెట్టును కూడా భరించే స్తోమత ఇరవై ఏళ్ల పిల్లకు ఎక్కడిది? ఆమె ముందు ట్యాబ్లెట్ మాత్రం లేదు, సాహిత్యమంతా కంఠస్థం. ఆ పెద్ద కచేరీలో విన్న గాయకుని ముందు ఉంది.

సాహిత్యం అంటే ఇక్కడ చాలావరకు మన భాషే. త్యాగరాజ కృతుల మధ్య కూర్చున్న తెలుగువాడికి గర్వమూ బాధా కలిసే కలుగుతాయి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కనుక వాళ్ల స్వర పుస్తకాల్లో అక్షరం మీద చిన్న అంకెలు వేసి తేడా చూపుతారు. ఆ అంకె ఒకటి జారిందంటే భక్తి కాస్తా మరేదో అవుతుంది. సమాసం నడుమ ఊపిరి తీసుకొని మాటను రెండుగా విరగ్గొట్టిన వాళ్లు ఇద్దరు ముగ్గురు తగిలారు. పెద్ద సభలోని విద్వాంసుని కంటే ఆ కాంభోజి అమ్మాయి ఉచ్చారణే స్పష్టంగా ఉంది. కచేరీ అయ్యాక అమ్మ వెళ్లి ఆ మాటే తెలుగులో చెబితే, ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాక నవ్వుతూ కాళ్లకు దండం పెట్టింది.

సభల్లోని క్యాంటీన్ల గురించి ఊళ్లో సంగీతం గురించినంత చర్చ జరుగుతుంది, అది అన్యాయమేమీ కాదు. ఆకు వేసి వడ్డించే మధ్యాహ్న భోజనానికి పన్నెండున్నరకే చేరుకోవాలి. ఒంటిగంట దాటాక వరుస పెరిగి, కూరల్లో ఒకటి రెండు అయిపోతాయి. నేను తిన్నవాటిలో అరటిపువ్వు వడకు మొదటి స్థానం, పెసరపప్పుతో చేసే అశోక హల్వాకు రెండోది ఇస్తాను. అడై (పప్పుల అట్టు), అవియల్ (కొబ్బరి వేసిన కలగూర) జత పేరు గొప్పే గాని ఆ రోజు అవియల్ చల్లారిపోయింది. పచ్చళ్ల దగ్గర మాత్రం మనకు వెలితే. మూడో రోజు అమ్మ సంచిలోంచి గోంగూర సీసా తీస్తే, ఎదురుగా కూర్చున్న శ్రీరంగం దంపతులు మొహమాటపడుతూనే చేయి చాపారు. మూడు గంటలప్పుడు ఏ క్యాంటీనైనా ప్రశాంతంగా ఉంటుంది, కాఫీ డికాక్షను కూడా అప్పుడే కొత్తగా దిగుతుంది. ఒకసారి ఆ కాఫీని మా స్టీలు ఫ్లాస్కులో పోయించుకోవడం నా తెలివితక్కువ. మూత లోపలి రబ్బరు చుట్టుకు పట్టిన వాసన వదలక, మిగిలిన రోజులన్నీ అమ్మ తాగిన వేడినీళ్లు కాఫీ వాసనే కొట్టాయి.

నాలుగో రోజు నాట్యం, సంగీతం నేర్పే కళాక్షేత్రకు వెళ్లాము. తిరుమయిలై స్టేషన్ నుంచి తిరువాన్మియూరుకు లోకల్ రైలు టికెట్టు పది రూపాయలు కూడా కాలేదు. అయితే ఆ మార్గంలో పట్టాలు వంతెన మీద ఎత్తున ఉంటాయి కనుక, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు లిఫ్టు ఎటువైపు ఉందో ముందే అడిగి తెలుసుకోవాలి. తిరుగు ప్రయాణంలో యాప్‌లో పిలిచిన ఆటోలు రెండు, మైలాపూరు అనగానే రద్దయ్యాయి. మెట్రో రెండో దశ తవ్వకాల వల్ల అటు రావడానికి వాళ్లకు మనసొప్పదని మూడో ఆటో అతను చెప్పాడు, చెప్పి వంద ఎక్కువ అడిగాడు. 1936లో నర్తకి రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రలోని నాట్యశాల, కేరళ ఆలయాల్లోని కూత్తంబలం అనే నాటకశాల తీరులో కట్టినది. శబ్దం ఆ కప్పు కింద నలుమూలలకూ సమంగా అందింది, వెనుక వరుసలో కూడా అమ్మ యంత్రం శబ్దాన్ని పెంచవలసి రాలేదు. యాత్ర మొత్తంలో హాలుగా దానికే నా ఓటు. దూరం ఒక్కటే లోటు.

ఐదో రోజు సాయంత్రానికి కొన్న రెండో పెద్ద కచేరీ టికెట్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వెళ్దామా అని అడిగితే అమ్మ గడియారం చూసి, రాగసుధలో రెండు గంటలకు ఎవరు పాడుతున్నారో కనుక్కోమన్నారు. టికెట్లను గది యజమాని కూతురికి ఇచ్చి, ఎక్స్‌టెన్షన్ బాక్సు సంచిలో సర్దుకొని, మేం ఆటో కోసం నిలబడ్డాము.