ఆ శాతం దేని మీద? మా బరంపురం షేర్ల ఆఫీసు గురించి

2024 అక్టోబరు 28, సోమవారం. దీపావళికి ఇంకా మూడు రోజులు. షాపులో కాలు పెట్టే చోటు లేదు. బరంపురంలో మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగ్, ఫాల్స్, లేసులు అమ్ముతాం. ఒకావిడ ఫొడాకుంభ అంచు పట్టుచీర కౌంటర్ మీద పరిచి, సరిగ్గా అదే రంగు ముక్క కావాలంటున్నారు. ఆవిడ వెతుక్కుంటుంటే నేను ఫోన్ తీసి షేర్ల యాప్ చూశాను.

చీటీ పాడిన 48,000తో అంతకు ముందు ఏడాది 20 రిలయన్స్ షేర్లు కొన్నాను. ఒక్కొక్కటీ 2,400 పడింది. వాటి పక్కన ఎర్రగా మైనస్ 44 శాతం అని ఉంది. అదే షేరు ధర పక్కన మాత్రం పచ్చగా ప్లస్ అర శాతం. ఒకే తెర మీద రెండూ ఉన్నాయి.

నాకు చేతులు చల్లబడ్డాయి. దాదాపు 21,000 రూపాయలు పోయినట్టు చూపిస్తోంది. నాలుగు నెలల షాపు అద్దె అది. ఉన్నదైనా దక్కుతుందని అమ్మేద్దామనుకున్నాను. ఆ యాప్ పెట్టిచ్చిన మా చెల్లెలి కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. యాప్ వాళ్ల హెల్ప్‌లో ప్రశ్న పెడితే 24 గంటల్లో జవాబిస్తామని వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది మా బజారుకి దగ్గర్లో మేడ మీద ఉన్న, షేర్లు కొని అమ్మిపెట్టే ఈ సబ్‌బ్రోకర్ ఆఫీసు. షాపు మా పెద్దమ్మాయికి అప్పగించి మెట్లెక్కాను.

చిన్న గది. నాలుగు కుర్చీలు, గోడకి ఒక స్క్రీన్, పక్కన తెల్ల బోర్డు, దాని మీద మార్కర్ మరకలు. సార్‌కి యాభై అయిదేళ్లుంటాయి. తెలుగూ ఒడియా రెండూ సమానంగా మాట్లాడతారు. నాకు అక్కడ అకౌంట్ లేదు, పరిచయమూ లేదు. అయినా కూర్చోమన్నారు. ఫోన్ తీసుకుని చూసి, "అమ్మా, ఈ అర శాతం దేని మీద? ఈ 44 శాతం దేని మీద?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఏడాదిగా రోజూ శాతాలు చూస్తున్నాను కానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. మా వ్యాపారంలో అయితే చీర పక్కన పెట్టకుండా ముక్క రంగు చెప్పం. షేరు శాతాన్ని మాత్రం పక్కన ఏదీ పెట్టుకోకుండానే నమ్మేశాను.

సార్ బోర్డు మీద రాశారు. శుక్రవారం రిలయన్స్ సుమారు 2,655 దగ్గర ముగిసింది. ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చారు, అంటే ఉన్న ఒక్కో షేరుకీ ఇంకో షేరు ఉచితం. సోమవారం నుంచి షేరు బోనస్ లేకుండా నడుస్తుంది కాబట్టి ఎక్స్ఛేంజ్ (షేర్ల బజారు నడిపే సంస్థ) వాళ్లే పాత ముగింపు ధరను సగం చేస్తారు, అంటే సుమారు 1,328. ఇవాళ 1,335 దగ్గర ఉంది కాబట్టి ప్లస్ అర శాతం. ఆ లెక్క సరైనదే. తప్పు రెండో దాంట్లో ఉంది. యాప్ నా కొనుగోలు ధర 2,400ను అలాగే ఉంచి, షేర్లు కూడా 20 అనే లెక్కేసింది. 1,335ని 20తో గుణిస్తే 26,700. దాన్ని 48,000తో పోల్చి మైనస్ 44 చూపించింది. బోనస్‌గా వచ్చే ఇంకో 20 షేర్లు అప్పటికి నా షేర్లుండే ఖాతా, అంటే డీమ్యాట్‌లో పడలేదు. అవి పడితే 40 షేర్లు, 53,400. "మీకు నష్టం కాదమ్మా, పదకొండు శాతం పైన లాభం" అన్నారు.

ఆ మాట విన్నాక మంచినీళ్లు అడిగి తాగాను. కొద్దిరోజుల్లో బోనస్ షేర్లు పడ్డాయి, యాప్‌లో సగటు ధర 1,200 అయింది, ఎరుపు పోయింది. ఆ రోజు అమ్మేసి ఉంటే, ఎక్స్ తేదీ, అంటే షేరు బోనస్ లేకుండా నడవడం మొదలయ్యే రోజు, వచ్చేసింది కాబట్టి బోనస్ షేర్లు ఎలాగూ నాకే వచ్చేవట. కానీ సగం డబ్బు పోయిందనుకుని ఆ దీపావళి ఎలా గడిపేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అలాంటి రోజున ఆ యాప్ వాళ్లు "బోనస్ షేర్లు రావాల్సి ఉంది, ఈ నష్టం నిజం కాదు" అని ఒక్క ముక్క తెలుగులోనో ఒడియాలోనో రాసి ఉండాల్సింది. ఆ కోపం నాకు పోలేదు.

ఆ తర్వాత ఈ ఆఫీసులోనే ఇంకో అకౌంట్ తెరిచాను. శనివారాలు మార్కెట్ ఉండదు కాబట్టి సార్ తీరిగ్గా ఉంటారు. ఎవరొచ్చినా చెబుతారు, ఫీజు లేదు. నేను నేర్చుకున్నదంతా ఆ శనివారాల్లోనే.

మొదటి సంగతి, కోట్ (తెర మీద కనిపించే షేరు ధర) పక్కన ఉండే శాతం నిన్నటి ముగింపు ధర మీద వేసేది. నేను కొన్న ధర మీదా కాదు, పొద్దున తెరిచిన ధర మీదా కాదు. సోమవారం అయితే "నిన్న" అంటే శుక్రవారం. ఒడియాలో "కాలి" అంటే నిన్నా కావచ్చు, రేపూ కావచ్చు. అందుకని సార్ ఒడియా వాళ్లకి చెప్పేటప్పుడు ప్రతిసారీ "గతకాలి" అని ఒత్తి పలుకుతారు. బోర్డు మీద కూడా అలాగే రాస్తారు. అంత జాగ్రత్తగా చెప్పే మనిషి దగ్గర నేర్చుకోవడం అదృష్టం.

పొద్దున తెరిచిన ధర మీద కాదు అన్నది ఎంత ముఖ్యమో మా బజారు బట్టల వ్యాపారి ఒకాయన విషయంలో చూశాను. నిన్న 500 దగ్గర ముగిసిన షేరు ఇవాళ 525కి తెరుచుకుంది. ప్లస్ 5 శాతం చూసి ఆయన కొన్నారు. మధ్యాహ్నానికి 510కి దిగింది. తెర మీద ఇంకా పచ్చగా ప్లస్ 2 శాతమే. ఆయన లాభంలోనే ఉన్నాననుకున్నారు. నిజానికి 525 మీద 15 రూపాయలు పోయింది, దాదాపు 2.9 శాతం నష్టం. పచ్చ రంగు నిన్న రాత్రి షేరు చేతిలో ఉన్నవాళ్లది, పొద్దున కొన్నవాళ్లది కాదు.

ముగింపు ధర సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. మూడున్నరకి జరిగిన ఆఖరి లావాదేవీ ధరే ముగింపు అనుకునేదాన్ని. సార్ నాకు చెప్పిన రోజుకి పద్ధతి వేరు. మూడింటి నుంచి మూడున్నర దాకా, ఆఖరి అరగంట లావాదేవీల సగటు తీసేవారు. ఎక్కువ షేర్లు ఏ ధరకి చేతులు మారితే దానికి బరువు ఎక్కువ. అందుకే నిన్న ఆఖరున 506 చూసి, ఇవాళ 504 చూసినా తెర పచ్చగానే ఉండొచ్చు, ముగింపు సగటు 502 అయి ఉంటే. ఇది తెలియక యాప్ తప్పు చూపిస్తోందని నేనే రెండుసార్లు ఫిర్యాదు పెట్టాను. ఆ రెండుసార్లూ యాప్ తప్పు లేదు.

డివిడెండ్, అంటే కంపెనీ లాభంలోంచి షేరుకింత అని పంచే డబ్బు, మాత్రం బోనస్ లాంటిది కాదు. మామూలు డివిడెండ్‌కి ఎక్స్ తేదీ రోజు నిన్నటి ధరను సవరించరు. 100 రూపాయల షేరుకి 4 రూపాయల డివిడెండ్ అయితే ఆ పొద్దున షేరు ఆ మేరకు తగ్గి ఎర్రగా కనిపించొచ్చు. ఆ నాలుగు రూపాయలు బ్యాంకులో పడతాయి కానీ కోట్‌లో కనపడవు.

శాతాలని కూడడం గురించి మా వ్యాపారంలోనే నాకు తెలుసు. 500 ముక్క మీద 20 శాతం పెంచితే 600. దాని మీద పండగకి 20 శాతం తగ్గింపు ఇస్తే 480. పెంచిందీ తగ్గించిందీ ఇరవయ్యే, ఇరవై రూపాయలు మాత్రం మన చేతి నుంచి పోయింది. షేర్లలో ఇది నాకు తట్టలేదు. సార్ 2024 ఎన్నికల ఫలితాల రోజులు తీశారు. జూన్ 3న పెద్ద కంపెనీల షేర్ల సూచీ సెన్సెక్స్ 3.39 శాతం పెరిగింది, 4న 5.74 శాతం పడింది. కూడితే మైనస్ 2.35 అనిపిస్తుంది. కానీ మే 31న 73,961 ఉన్నది జూన్ 4న 72,079 అయింది. లెక్కేస్తే 2.54 శాతం తగ్గింది. పడింది పెరిగిన దాని మీద కాబట్టి ఎక్కువ కోసుకుపోయింది.

పాయింట్ల భయం కూడా అక్కడే పోయింది. టీవీలో "సెన్సెక్స్ 570 పాయింట్లు పతనం" అంటే గుండె ఆగినంత పనయ్యేది. 1992 ఏప్రిల్ 28న కూడా 570 పాయింట్లే పడిందట, హర్షద్ మెహతా కుంభకోణం బయటపడిన రోజులు. అప్పుడది 12.77 శాతం. సెన్సెక్స్ 80,000 దగ్గర ఉంటే అవే 570 పాయింట్లు ముప్పావు శాతం కూడా కాదు. దీనికి తిరగేసినట్టుంటాయి తక్కువ ధర షేర్లు. రెండు రూపాయల షేరు పది పైసలు పెరిగితే 5 శాతం అని మెరుస్తుంది. లక్ష దాటిన ఎంఆర్ఎఫ్ షేరు వెయ్యి రూపాయలు తగ్గినా ఒక్క శాతం లోపే. శాతం ఎంత, రూపాయి ఎంత, రెండూ చూడందే సార్ ఎవరినీ కొననివ్వరు.

ఇక బాగాలేనివి కూడా చెప్పాలి. కొన్నా అమ్మినా ఇక్కడి బ్రోకరేజి నా ఫోన్ యాప్ కంటే ఎక్కువ. మెట్లు నిటారుగా ఉన్నాయి, కడ్డీ ఒక వైపే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మధ్యలో ఆగి ఆగి ఎక్కడం చూస్తే బాధేస్తుంది. వాళ్లకే కదా ఫోన్‌లో చూసుకోవడం కష్టం, ఆఫీసు అవసరం. గోడ స్క్రీన్ మీద అంతా ఇంగ్లీషే, అక్షరాలు చిన్నవి.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు అక్కడి కుర్రాడు నడిపే వాట్సాప్ గ్రూప్. పొద్దున్నే "ఈ షేరు అప్పర్ సర్క్యూట్, మూడు రోజుల్లో 15 శాతం" అని పెడతాడు. సర్క్యూట్ అంటే ఎక్స్ఛేంజ్ పెట్టిన రోజువారీ హద్దు, 2, 5, 10, 20 శాతాలు ఉంటాయి. పై హద్దు తాకిన షేరుకి అమ్మేవాళ్లు దొరకరు, కింది హద్దు తాకితే కొనేవాళ్లు దొరకరు. ఆ రెండో మాట కుర్రాడు ఎప్పుడూ రాయడు. నేను సార్‌తో చెప్పాను, ఆపించారు. రెండు నెలలకి మళ్లీ మొదలైంది. శనివారం బోర్డు మీద నేర్పిన దాన్ని సోమవారం గ్రూపులో చెరిపేస్తే ఎలా సార్? ఇది మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఇందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

ఆ నాలుగు ఎందుకంటే, 2025 అక్టోబరు 14న, మళ్లీ దీపావళి ముందే, అదే బట్టల వ్యాపారి మా షాపుకి పరుగున వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. "అక్కా, టాటా మోటార్స్ 40 శాతం పడిపోయింది, చూడు" అని ఫోన్ కౌంటర్ మీద పెట్టారు. నిన్న 660, ఇవాళ 400.

"అన్నయ్యా, ఆ నలభై దేని మీద?" అన్నాను. నిన్నటి 660 కార్లూ లారీలూ కలిసి ఉన్న కంపెనీది. ఇవాళ్టి 400 కార్ల కంపెనీ ఒక్కదానిదే. లారీల కంపెనీని విడదీశారు, ఒక్కో షేరుకీ దానిది ఒక్కో షేరు విడిగా వస్తుంది. ఫొడాకుంభ చీరకి తెచ్చిన ముక్కల కట్ట పక్కకి జరిపి, బిల్లు కాగితం వెనక ఇదంతా రాసి చూపించాను. ఆయన అమ్మలేదు. నవంబరు 12న లారీల కంపెనీ షేరు మార్కెట్‌లోకి వచ్చిన రోజు స్వీట్ల డబ్బా తెచ్చారు. అందులో సగం మేడ మీదకి పంపించాను.

వెళ్లాలనుకునేవాళ్లు శనివారం పొద్దున పది తర్వాత వెళ్లండి. మీ ఫోన్, ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా తలుపు వేసి ఉంటుంది.