కిర్రుమన్నది ఎక్కడ? చైనా కార్బన్ సైకిల్ ఫ్రేముతో నాలుగేళ్లు

పెట్టె ఎత్తి చూసి మా అమ్మ అడిగిన మొదటి మాట: "లోపల ఏమైనా పెట్టారంటావా?" పెట్టారు. సైకిల్ ఫ్రేము, ఫోర్కు, సీటుపోస్టు, హ్యాండిలు తిరిగేచోట వేసే హెడ్‌సెట్ బేరింగులు, ఒకే ఒక్క హ్యాంగరు. ఆ ఒకే ఒక్కటి నాకెంత ఖర్చు తెచ్చిందో తర్వాత చెప్తాను. 52 సైజు ఫ్రేము 950 గ్రాములని అమ్మినవాళ్లు రాశారు, మా వంటింటి కాటా 1,064 చూపించింది. పైన రంగు కూడా ఉందిగా, నేనేం గొడవ పడలేదు.

అది 2021 జూన్. అప్పట్నుంచి ఇప్పటికి 17,400 కిలోమీటర్లు, దాదాపు అంతా విశాఖలోనే. డ్యూటీ లేని పొద్దుటిపూట ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి, ఆదివారాలు సింహాచలం కొండ, ఏడాదికి రెండు మూడుసార్లు ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు. అంటే ఈ ఫ్రేము తిన్నది ఎక్కువగా ఉప్పుగాలి, ఆపైన నా చెమట.

చైనా ఆన్‌లైన్ అంగడి అలీఎక్స్‌ప్రెస్‌ను మన దేశంలో 2020 నవంబరులోనే ఆపేశారు కాబట్టి అమ్మకందారుకే నేరుగా మెయిల్ పెట్టి కొన్నాను. ఫ్రేము సెట్టు 480 డాలర్లు, రవాణా 90. అప్పటి రేటులో 42 వేల చిల్లర. తర్వాత కొరియర్ వాళ్లు ఆధార్ అడిగారు, ఇన్‌వాయిస్ అడిగారు, చివర్లో కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపి ఇంకో 15 వేలు అడిగారు. అక్కడికే 57 వేలు దాటింది. 11 స్పీడు షిమానో 105 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకులు, క్రాంకుల సెట్టు), అల్యూమినియం చక్రాలు, టైర్లు, హ్యాండిలు, సీటు, పెడళ్లు, పనిముట్లు అన్నీ కలిపి బండి రోడ్డెక్కేసరికి 1,49,000. షాపులో అదే 105 ఉన్న కార్బన్ బండి అప్పుడు రెండు లక్షల పైమాట. యాభై వేలు మిగిలాయి కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను.

సైజు విషయంలో మాత్రం తెలివిగానే చేశాను. 52, 54 అన్న అంకెల్ని నమ్మలేదు, ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కోలా కొలుస్తుంది. అంతకుముందు తొక్కిన బండికి స్టాక్, రీచ్ (పెడళ్ల ఇరుసు నుంచి ఫ్రేము ముందుగొట్టం పైకొస దాకా ఎత్తు, ముందుకి దూరం) కొలుచుకుని, వాళ్ల పట్టికలో 535, 380 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని ఎంచుకున్నాను. ఐదడుగుల ఏడంగుళాల నాకు సరిగ్గా సరిపోయింది. రిమ్ములు అల్యూమినియంవే తీసుకోవడం కూడా కావాలని చేసిందే. నాది రిమ్ బ్రేకు, అంటే చక్రం అంచునే పట్టి ఆపేది. అనంతగిరి దిగేటప్పుడు అరగంట బ్రేకు రుద్దితే కార్బన్ రిమ్ములో పోగుల్ని అతికించి ఉంచే రెసిన్ వేడికి మెత్తబడే ప్రమాదం ఉంది. చూడ్డానికి బావుంటాయని ఆ పని చేయలేదు.

బిగించడం మా పెరట్లోనే. ఫోర్కు స్టీరర్ (ఫ్రేములోంచి పైకొచ్చి హ్యాండిలుకి చేరే గొట్టం) కోసేరోజు ముందురాత్రి నిద్రపట్టలేదు. నేను పనిచేసేది మెషీన్ షాపులో, ఇనుము కోయడం నాకు అన్నం తినడంతో సమానం. కానీ ఇది పోతే మళ్లీ ఫోర్కే తెప్పించుకోవాలి. కొలత మూడుసార్లు పెట్టాను. గీత చుట్టూ టేపు వేసి, అంగుళానికి 32 పళ్లున్న హ్యాక్సా బ్లేడుతో, మూతికి మాస్కు కట్టుకుని, నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ కోశాను. ఆ నల్లధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. హ్యాండిలుని పట్టే స్టెమ్ పైన రెండు స్పేసర్ల ఎత్తు ఎక్కువే ఉంచి, నెల తొక్కాక మళ్లీ కోశాను. ఇంకో మాట: కార్బన్ స్టీరర్‌లోకి గోడల్ని గీరుతూ దిగే స్టార్ నట్ కొట్టకూడదు, లోపల వెడల్పై పట్టుకునే ఎక్స్‌పాండర్ ప్లగ్గే వేయాలి. వాళ్లు పంపిన ప్లగ్గు ఎంత బిగించినా జారింది. 900 పెట్టి వేరేది కొన్నాను.

గేరు వైరు ఫ్రేము లోపల్నుంచి లాగడానికి రెండు గంటలు పట్టింది. చివరికి దారం కట్టిన చిన్న దూదిముక్కని వాక్యూమ్ క్లీనర్‌తో అవతలి కన్నంలోంచి పీల్చాం. అమ్మకి ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన భాగం అదొక్కటే.

అయ్యాక మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్‌కి చూపించాను. నా స్కూలు సైకిలుకి గోళీలు మార్చి, బెండు తీసింది ఆయనే. వేలి కణుపుతో ఫ్రేము మీద తట్టి చూశాడు. "ఇదేటి బాబూ, పేపరు గుజ్జా? గుంటలో పడితే ఇరిగిపోద్దేటి?" అన్నాడు. విరగదు బాబాయ్ అన్నానే గానీ, నా గొంతులోనూ అంత ధైర్యం లేదు.

మూడో నెలలో మొదలైంది. సింహాచలం ఎక్కుతుంటే కుడికాలు కిందికి దిగినప్పుడల్లా కిర్ర్. చదునులో లేదు. వాన పడ్డ రోజు లేదు. ఎండలో, ఎత్తులో, కుడికాలికి మాత్రమే. మొదట పెడళ్లు విప్పి గ్రీజు రాశాను. పోలేదు. చైన్‌రింగ్ బోల్టులు, చక్రం క్విక్ రిలీజు, హ్యాండిలు బిగింపు అన్నీ చూశాను. సీటు మీంచి లేచి నిలబడి తొక్కినా అరుస్తోంది కాబట్టి సీటూ సీటుపోస్టూ నిర్దోషులు. ఆరు వారాలు ఇలా ఒక్కొక్కదాన్నే తప్పిస్తూ వచ్చి క్రాంకు ఊడదీసి, బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే బేరింగులు) కప్పు వేలితో నెడితే సన్నగా కదిలింది.

ఈ ఫ్రేముది ప్రెస్‌ఫిట్, బీబీ86 రకం. అంటే మర ఉండదు, 41 మిల్లీమీటర్ల రంధ్రంలోకి కప్పుని నొక్కి దించడమే. కప్పు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి రంధ్రం వెంట్రుకవాసి బిగువుగా ఉంటేనే పట్టు. మా మెషీన్ షాపు నుంచి రంధ్రం కొలిచే బోర్ గేజి తెచ్చి పెట్టాను. ఎడమవైపు 40.97. బాగుంది. కుడివైపు 41.08. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రంధ్రాలు కొలిచే మనిషిని నేను, ఫ్రేము వచ్చిన రోజు పెట్టెలోంచి తీసి ఈ కొలత ఒక్కటీ చూడలేదు. రంగు చూసి మురిసిపోయాను.

గేజి ఫోటో పంపితే అమ్మకందారు "డియర్ ఫ్రెండ్" అంటూ 20 డాలర్లు వెనక్కిచ్చారు. ఫ్రేము తిప్పి పంపితే కొత్తది ఇస్తామన్నారు గానీ ఆ రవాణా ఖర్చు నాదట. 20 డాలర్లు పుచ్చుకుని, రెండు కప్పులూ ఫ్రేము మధ్యలో ఒకదాంట్లోకి ఒకటి మరతో బిగుసుకునే రకం బాటమ్ బ్రాకెట్ కొన్నాను. అది రంధ్రం పట్టు మీద ఆధారపడదు, రెండు కప్పులూ ఒకదాన్నొకటి లాక్కుని నిలబడతాయి. 3,800 అయింది. ఆ తర్వాత ఇప్పటిదాకా అక్కణ్నుంచి చప్పుడు లేదు. మళ్లీ కొంటే మాత్రం మర ఉన్న ఫ్రేమే కొంటాను, బీఎస్‌ఏ రకం. అవును, మన చిన్నప్పటి సైకిలు మీద ఉండే ఆ మూడక్షరాలే, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. తుపాకుల కంపెనీ పెట్టిన మర ఇన్నేళ్ల తర్వాతా ప్రెస్‌ఫిట్ కన్నా నయం.

ఇక హ్యాంగరు. గేరు మార్చే వెనక డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. పడ్డప్పుడు ఫ్రేముకి బదులు అది వంగాలి, దాని ఉద్యోగమే అది. 2022 వానాకాలంలో భీమిలి నుంచి వస్తూ తడి ఇసుక మీద కుడివైపుకి జారాను. నాకు మోచెయ్యి గీసుకుంది, హ్యాంగరు విరిగింది. అలాంటి ఆకారం ముక్క విశాఖలో లేదు, హైదరాబాదులో లేదు, బెంగళూరులో అడిగినా లేదు. 12 డాలర్ల ముక్కకి 25 డాలర్ల రవాణా, 24 రోజుల నిరీక్షణ. ఈసారి మూడు తెప్పించాను. మీరు ఫ్రేముతోపాటే రెండు అదనంగా అడగండి, అదే పెట్టెలో వచ్చేస్తాయి.

ఆ 24 రోజుల్లో ఫ్రేముకి దెబ్బ తగిలిందేమోనన్న అనుమానం తినేసింది. ఇనుము వంగితే కంటికి కనిపిస్తుంది, కార్బన్ పొరలు లోపల విడిపోతే పైకి ఏమీ తెలియకపోవచ్చు. ఫ్యాను ఆపి, తలుపేసుకుని, రూపాయి బిళ్లతో ట్యూబులన్నీ అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాను. బాగున్నచోట టిక్ టిక్‌మని స్పష్టంగా పలుకుతుంది, పొర విడినచోట డొల్లగా టుప్‌మంటుంది. చెయిన్‌స్టే (వెనక చక్రానికి పోయే కింది గొట్టం) దగ్గర ఒకచోట చప్పుడు మారేసరికి గుండె జారింది. చూస్తే అక్కడ చైను తగలకుండా అంటించిన రబ్బరు ముక్క.

ఉప్పుగాలి కార్బన్‌ని ఏమీ చేయలేదు. చుట్టూ ఉన్న లోహాన్ని వదల్లేదు. సీసా పట్టే బోల్టులు రెండో ఏడాదికే తుప్పు పట్టాయి, ఒకదాన్ని తిప్పితే ఫ్రేములోని అల్యూమినియం నట్టు కూడా దాంతోపాటే తిరిగింది. కార్బన్, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ మధ్యలో ఉప్పునీరు చేరితే అల్యూమినియం తెల్లబూడిదలా రాలిపోతుంది. ఇప్పుడు అన్నీ స్టెయిన్‌లెస్ బోల్టులు, ప్రతిదానికీ గ్రీజు. సీటుపోస్టుకి మాత్రం గ్రీజు వద్దు, జారకుండా పట్టే కార్బన్ పేస్టు రాసి, ఎంత బిగించామో చూపే టార్క్ రెంచ్‌తో 5 న్యూటన్ మీటర్లు, అంతే. హెడ్‌సెట్ కింది బేరింగు ఇప్పటికి రెండుసార్లు మార్చాను. వాళ్లు పంపినది పదినెలలకే గరగరమంది.

తొక్కడం ఎలా ఉందంటే, బావుంది. 28 మిల్లీమీటర్ల టైర్లలో 70 పీఎస్ఐ గాలితో బీచ్ రోడ్డు మీద మెత్తగా పోతుంది, ఎత్తులో కాలి బలం వృథా పోతున్నట్టు అనిపించదు. పెడళ్లతో కలిపి 8.1 కిలోలు. స్నేహితుడి రెండున్నర లక్షల బండి మార్చుకుని అరకు దాకా వెళ్లాను, తేడా నాకు తెలిసింది ఒక్కచోటే: దిగేటప్పుడు అతని బండి ముందుభాగం ఇంకొంచెం నిలకడగా ఉంది.

మిగిలాయనుకున్న యాభై వేలలో బాటమ్ బ్రాకెట్, హ్యాంగర్లు, బేరింగులు, ప్లగ్గు, ఆ తర్వాత "ఎలాగూ విప్పాం కదా" అని కొన్నవి పోగా పద్దెనిమిది వేలు మిగిలినట్టు లెక్క. మొన్న ఆ స్నేహితుడు తన బండిని లక్షా ఇరవైకి అమ్మాడు. నా ఫ్రేము మీద పేరే లేదు. ఊరికే ధర తెలుసుకుందామని అడిగితే, "గ్రూప్‌సెట్ విడిగా ఇస్తావా, ముప్ఫై ఇస్తా, ఫ్రేము నువ్వే ఉంచుకో" అన్నాడొకాయన. ఉంచుకున్నాను. సీటు కింద సంచిలో రెండు హ్యాంగర్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి.